ప్రశ్న కిందనే జవాబు: మూడేళ్లు థ్రెడ్లతో పనిచేశాక

ఒక్క "సరే" మాకు వెయ్యి కవర్లను పాడుచేసింది. డిసెంబరు నెలాఖరు. జనవరి మొదట్లో విజయవాడలో పుస్తక మహోత్సవం మొదలవుతుంది కాబట్టి ఆ వారం ఇక్కడి ప్రచురణకర్తలెవరికీ నిద్ర ఉండదు. రాత్రి తొమ్మిదింటికి మా చాట్ గ్రూపులో పది నిమిషాల తేడాతో మూడు ప్రశ్నలు వచ్చాయి. ఆరో ఫారంలో (ఫారం అంటే ఒక్కసారిగా అచ్చయ్యే పదహారు పేజీలు) ఒక పద్యపాదానికి ప్రూఫుల మాస్టారు చెప్పిన సవరణ పెట్టనా అని, కంప్యూటర్‌లో పేజీలు కూర్చే డీటీపీ అమ్మాయి అడిగింది. వెనుక అట్ట మీద రచయిత ఫోటో తీసేయమంటారా అని చిత్రకారుడు అడిగాడు. స్పైన్, అంటే పుస్తకం వీపు, పది మిల్లీమీటర్లే ఉంచి కవర్ వేసేయమంటారా అని ప్రెస్సు మేనేజరుగారు అడిగారు. సంపాదకురాలు రైల్లో ఉన్నారు. ఫోను తెరిచి "సరే" అని రాశారు.

ఆవిడ సరే అన్నది పద్యపాదానికి. ప్రెస్సువారు అది తమకే అనుకున్నారు. అనుబంధం చేరడంతో ఆ మధ్యాహ్నమే పుస్తకం 192 పేజీల నుంచి 224కు పెరిగింది. స్పైన్ కూడా ఆ మేరకు వెడల్పవ్వాలి. ఆ సంగతి గ్రూపులో ఉంది గానీ, అప్పటికే నలభై సందేశాల పైన ఎక్కడో ఉంది. తెల్లవారేసరికి కవర్లు అచ్చయిపోయాయి. స్పైన్ మీద ఉండాల్సిన పేరు ముందు అట్ట అంచు మీదికి ఒరిగి ఉంది. తప్పు ఎవరిది అని వెతికితే ఎవరిదీ కాదు. ముగ్గురు అడిగారు, ఒకరు జవాబిచ్చారు, ఆ జవాబు ఏ ప్రశ్నదో చెప్పే ఏర్పాటు లేదు.

మాది ఏలూరు రోడ్డు పక్క సందులో చిన్న ప్రచురణ సంస్థ. ఏడాదికి పదిహేను పుస్తకాల దాకా వేస్తాం. రాతప్రతి చేతికొచ్చిన రోజు నుంచి బైండింగ్ అయిన కట్టలు గోడౌన్ చేరేదాకా మధ్యలో జరిగే పనంతా నేను చూసుకుంటాను. ప్రూఫులు దిద్దే మాస్టారు తెనాలిలో ఉంటారు. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరైనవారు. డీటీపీ చేసే ఇద్దరిలో ఒక అమ్మాయి ఇంటి నుంచే పనిచేస్తుంది. ప్రెస్సు ఆటోనగర్‌లో ఉంది. అందరం ఒకచోట కూర్చునే రోజు ఏడాదిలో ఒకటి రెండుసార్లు వస్తుందేమో. అందుకే చాట్ ఎలా పనిచేస్తుందన్నది మాకు చిన్న విషయం కాదు.

ఆ కవర్ల దెబ్బ తర్వాత మా సొంత సర్వర్‌లో పెట్టుకొని వాడే ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చాట్‌కు మారాం. కొన్నాళ్లకు దానికి వచ్చిన ఒక నవీకరణలో థ్రెడ్లు చేరాయి. ఆ యాప్ పేరు ఇక్కడ అవసరం లేదు. ఈ ఏర్పాటు ఇప్పుడు చాలా యాప్‌లలో ఉంది, నేను చెప్పేది ఏర్పాటు గురించి. ఈ మూడేళ్లలో నలభైకి పైగా పుస్తకాలు దీని మీదుగానే ప్రెస్సుకు వెళ్లాయి.

తెలియనివారి కోసం ఇది ఎలా పనిచేస్తుందో చెబుతాను. ప్రతి సందేశానికీ లోపల ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. థ్రెడ్‌లో రాసిన జవాబు తన సంఖ్యతో పాటు తల్లి సందేశం సంఖ్యను కూడా వెంట ఉంచుకుంటుంది. యాప్ అలాంటి జవాబులన్నింటినీ ప్రధాన వరుసలో చూపకుండా తల్లి సందేశం కిందికి చేర్చి, "6 జవాబులు" అని ఒక్క వరుస మాత్రం చూపిస్తుంది. దాన్ని నొక్కితే ఆ సంభాషణ ఒక్కటే పక్కన తెరుచుకుంటుంది. ఆలోచన పాతదే. 1982లో వచ్చిన ఈమెయిల్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 822లోనే, ఈ ఉత్తరం ఏ ఉత్తరానికి జవాబో చెప్పే వరుసకు చోటుంది. చాట్‌లకు మాత్రం ఇది ఆలస్యంగా వచ్చింది. ఆఫీసులు వాడే స్లాక్ అనే చాట్ యాప్‌లో థ్రెడ్లు 2017 జనవరిలో వచ్చాయి, డిస్కార్డ్ అనే మరో యాప్‌లో 2021లో.

చాలామంది దీన్ని కోట్ చేసి జవాబివ్వడంతో కలిపేస్తారు. సందేశాన్ని వేలితో పక్కకు జరిపితే పాత మాట చిన్న పెట్టెలో కనిపిస్తూ కింద మన జవాబు వస్తుంది కదా, అది వేరు. ఆ పద్ధతిలో జవాబు ఎవరికో తెలుస్తుంది. ఆ రాత్రి సంపాదకురాలు అంతమాత్రం చేసి ఉన్నా మా కవర్లు దక్కేవి. కానీ ఆ జవాబు కూడా ప్రధాన వరుసలోనే పడుతుంది. ఒక పద్యపాదం గురించి పద్దెనిమిది సందేశాలు నడిస్తే, ఆ పద్దెనిమిదీ ప్రెస్సువారి ఫోనులోనూ మోగుతాయి. థ్రెడ్‌లో మోగవు. అందులో రాసినవారికి, పేరుతో పిలిచినవారికి, దాన్ని అనుసరిస్తున్నవారికి మాత్రమే కబురు వెళుతుంది.

మాకు దక్కిన పెద్ద లాభం ఆ నిశ్శబ్దమే. ఆటోనగర్‌లో యంత్రం పక్కన నిలబడ్డ మనిషి ఫోను మోగిందంటే ఇప్పుడు అది ఆయన పనే. మునుపు రోజుకు రెండు వందల సందేశాలు వచ్చేవి. చివరికి ఆయన గ్రూపు మోత ఆపేసి పెట్టుకున్నారు. మోత ఆపేసిన మనిషికి ముఖ్యమైన మాట కూడా అందదు.

మాస్టారికి నేర్పడానికి రెండు నెలలు పట్టింది. ఆయన ప్రతి జవాబునూ కింద ఉన్న పెద్ద పెట్టెలోనే రాసేవారు. "మాస్టారూ, ప్రశ్నను నొక్కి, అక్కడ తెరుచుకున్న చోట రాయండి" అని నేను, "రాసేది ఒకటే అయినప్పుడు ఎక్కడ రాస్తే ఏమిటి నాయనా" అని ఆయన. ఒక రోజు తెనాలి వెళ్లి ఆయన దిద్దిన ప్రూఫు కాగితం ముందు పెట్టి అడిగాను: "ఈ తప్పు పక్కన మార్జిన్‌లో కదా మీరు గుర్తు పెట్టారు? అన్ని గుర్తులూ చివరి పేజీలో వరుసగా రాస్తే ఆ అమ్మాయి ఏది ఎక్కడిదని పట్టుకుంటుంది?" ఆయన కళ్లజోడు తీసి కాసేపు కాగితం వైపే చూశారు. "మార్జిన్ అని ముందే చెప్పవేం" అన్నారు. ఆ తర్వాత ఒక్క జవాబు కూడా దారి తప్పలేదు. మా ఆఫీసులో థ్రెడ్‌ను ఇప్పటికీ మార్జిన్ అనే అంటాం.

మా యాప్‌లో థ్రెడ్‌కు ఒకటే అంచె. జవాబుకు మళ్లీ జవాబు, దానికి మరొకటి అంటూ కొమ్మలు సాగవు. మొదట్లో ఇది లోటనిపించింది. ఇప్పుడు కొమ్మలు వద్దంటాను. పని మధ్యలో ఉన్న మనిషి పై నుంచి కిందికి ఒక్కసారి చదివి చివరి మాట పట్టుకోగలగాలి. మాట పక్కదారి పడితే, కొత్త ప్రశ్నగా బయట పెట్టుకోవచ్చు.

ఇక ఇబ్బందులు. అన్నింటికన్నా పెద్దది, కబురు పరిమితంగా వెళ్లడం. పైన లాభమని చెప్పిందే ఇక్కడ నష్టమైంది. ఒక వ్యాస సంపుటి తొమ్మిదో ఫారంలో అధోజ్ఞాపికల (ఫుట్‌నోట్ల) సంఖ్యలు ఒకటి చొప్పున జరిగాయని మాస్టారు కనిపెట్టారు. ఆయన, డీటీపీ అమ్మాయి థ్రెడ్‌లోనే మాట్లాడుకుని చక్కగా సరిచేశారు. ఆ థ్రెడ్‌లో ప్రెస్సు మేనేజరుగారు లేరు. అప్పటికి పాత పీడీఎఫ్‌తో అచ్చు ప్లేట్లు తయారైపోయాయి. సాయంత్రం ఆ అమ్మాయి మరో పని మీద ప్రెస్సుకు ఫోను చేసి, మాటల్లో "తొమ్మిదో ఫారం కొత్తది తీసుకున్నారు కదండీ" అంది కాబట్టి సరిపోయింది. రెండు ప్లేట్లు మళ్లీ చేయించాం. ఆ ఫోను చేయకపోతే పదహారు పేజీలు వెయ్యి కాపీల చొప్పున తప్పుగా అచ్చయ్యేవి. ప్రధాన వరుసలో ఆ విషయం కనిపించింది ఎంతంటే, ప్రశ్న కింద "11 జవాబులు" అన్నంత. పదకొండు జవాబులున్నాయని తెలిసినంత మాత్రాన తన పని మారిందని ఎవరికి తెలుస్తుంది?

అప్పటి నుంచి ఒకటే కట్టుబాటు పెట్టుకున్నాం. ప్రశ్న అడిగినవారే ముగింపు మాట రాయాలి. రాసేటప్పుడు "ఛానల్‌కు కూడా పంపు" అన్న గడిలో టిక్కు పెట్టాలి. ఛానల్ అంటే ఇక్కడ గ్రూపు ప్రధాన వరుసే. అప్పుడు ఆ ఒక్క వాక్యం థ్రెడ్‌లోనూ ఉంటుంది, బయట అందరికీ కనిపిస్తుంది. చర్చ లోపల, నిర్ణయం బయట. ఈ టిక్కు లేని థ్రెడ్ యాప్ ఎవరైనా ఇస్తే నేను తీసుకోను. స్లాక్‌లోనూ ఈ గడి ఉంది. కొన్ని యాప్‌లలో లేదు, ఎంచుకునే ముందు చూసుకోండి.

ఫోనులో ఇది కంప్యూటర్‌లో ఉన్నంత హాయిగా ఉండదు. కంప్యూటర్‌లో థ్రెడ్ కుడి పక్కన తెరుచుకుంటుంది. ఎడమన గ్రూపు కనిపిస్తూనే ఉంటుంది. ఫోనులో తెర మొత్తాన్ని ఆక్రమిస్తుంది. ఒక జవాబు రాస్తూ మరో థ్రెడ్‌లో పేజీ సంఖ్య చూసుకోవాలంటే వెనక్కి, మళ్లీ ముందుకు తిరగాలి. మాస్టారు అందుకే పక్కన కాగితం పెట్టుకుంటారు.

తెలుగులో వెతకడం గురించి విడిగా చెప్పాలి. ఇంగ్లీషు సమీక్షల్లో ఇది కనిపించదు. థ్రెడ్ అసలు విలువ ఆ రోజు కన్నా ఏడాది తర్వాత వెతికినప్పుడు తెలుస్తుంది. కానీ "ముఖచిత్రం" అని వెతికితే "ముఖచిత్రానికి", "ముఖచిత్రంలో" అని రాసినవి మా యాప్‌లో దొరకవు. అది మాటను మొత్తంగా సరిపోల్చి చూస్తుంది. మన విభక్తులు మాటకు అతుక్కునే ఉంటాయి. "ముఖచిత్ర" వరకు రాసి చివర నక్షత్రం గుర్తు పెడితే చాలావరకు వస్తాయి. ఇంకొక చిక్కు కంటికి కనిపించనిది. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో ట, వ కలిసిపోకుండా మధ్యలో కనిపించని ఒక అక్షరం పెడతారు. కంప్యూటర్లు ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ ప్రమాణంలో దాని సంఖ్య 200సీ. ఒకరి కీబోర్డు దాన్ని పెడుతుంది, మరొకరిది పెట్టదు. తెర మీద ఇంచుమించు ఒకేలా కనిపించే మాట వెతుకులాటలో రెండు మాటలవుతుంది. ఇక యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో ఉన్న మేటర్‌ను మార్చకుండా అతికిస్తే అర్థం లేని ఇంగ్లీషు గుర్తులే మిగులుతాయి. దాన్ని ఏ యాప్ వెతికి పెట్టగలదు?

ఇవన్నీ చూశాక తల్లి సందేశం రాసే తీరు మార్చుకున్నాం. మొదట పుస్తకానికి మేము పెట్టుకున్న రెండక్షరాల గుర్తు, ఖాళీ, పేజీ సంఖ్య, ఖాళీ, ఆ తర్వాత ప్రశ్న. "వస 37" అని వెతికితే ఆ పేజీ మీద జరిగిన చర్చలన్నీ వరుసగా వస్తాయి. అంకెకూ అక్షరానికీ మధ్య ఆ ఖాళీ మరిచిపోతే మళ్లీ మొదటికి వస్తుంది, అందుకే కొత్తగా చేరినవారికి మొదటి రోజు నేర్పేది ఆ ఖాళీ పెట్టడమే.

మధ్యలో ఒక నెల జులిప్ అనే మరో చాట్ యాప్ కూడా వాడి చూశాం. అక్కడ పద్ధతి వేరు. ప్రతి సంభాషణకూ ఒక అంశం పేరు ఉంటుంది, సందేశాలన్నీ ఆ అంశం కిందికే చేరతాయి. దారి తప్పిన సందేశాన్ని తర్వాత సరైన అంశంలోకి జరపవచ్చు, పని పూర్తయిన అంశానికి ముగిసిందని గుర్తు పెట్టవచ్చు. ఆలోచనగా నాకు ఇదే ఎక్కువ నచ్చింది. కానీ యంత్రం పక్కన సిరా చేతులతో ఉన్న మనిషి అంశం పేరు ఎంచుకుని రాయడు. "ప్లేటు వచ్చింది" అని రెండు ముక్కలు కొట్టి పోతాడు. అందరూ కంప్యూటర్ ముందు కూర్చునే ఆఫీసైతే అదే తీసుకోమంటాను. టెలిగ్రామ్ గ్రూపుల్లో 2022 నవంబరులో వచ్చిన టాపిక్స్ కూడా ఈ కోవలోనివే. పుస్తకానికో టాపిక్ పెట్టుకునే చిన్న సంస్థలకు అది చాలు, కానీ పేజీకి పది ప్రశ్నలు వచ్చే ప్రూఫు పనికి చాలదు.

ఐదుగురు, ఆరుగురు ఒకే పని చేసే చోట థ్రెడ్లు అవసరం లేదు. పది మంది వేర్వేరు చోట్ల, వేర్వేరు వేళల్లో, ఒకే వస్తువు మీద పనిచేస్తుంటే తప్పకుండా పెట్టుకోండి. మొదటి రెండు నెలలు ఎవరో ఒకరు దగ్గరుండి చూసుకోవాలి. దారి తప్పిన జవాబు కనబడితే చిరాకు పడకుండా "దీన్ని మార్జిన్‌లో పెడతారా" అని చెప్పే మనిషి ఉండాలి. మా దగ్గర ఆ పని నేను చేశాను. చేసినందుకు ఫలితం కళ్లారా చూశాను.

పోయిన నెల ఒక ఆత్మకథ రెండో ముద్రణకు వెళ్లింది. ఫైలు కొత్త వెర్షన్‌లోకి మారుస్తున్నారు. కొత్తగా చేరిన డీటీపీ అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చి "సర్, 112వ పేజీలో 'అగ్గువ' అని ఉంది, 'తక్కువ' అని మార్చేయనా" అంది. మార్చే ముందు ఒకసారి వెతకమన్నాను. పుస్తకం గుర్తు, ఖాళీ, 112 కొట్టింది. మూడేళ్ల కిందటి ప్రశ్న వచ్చింది. అప్పటి అమ్మాయి అచ్చం అదే అడిగింది. కింద ఆరు జవాబులు. చివరిది మాస్టారిది: "అగ్గువ అంటే చవక. మన వైపు వినపడదు గానీ రచయిత నాయనమ్మ మాట అది. ముట్టుకోవద్దమ్మా."

కళ్లకు ఆపరేషన్ అయ్యాక మాస్టారు ప్రూఫులు చూడటం మానేశారు. గ్రూపులో మాత్రం పేరు ఉంచాం. ఆ అమ్మాయి ఆయన్ను ఒక్కసారి కూడా చూడలేదు. ఆ థ్రెడ్‌లోనే "అర్థమైంది మాస్టారూ, అలాగే ఉంచుతున్నాను" అని రాసింది. ఆరు జవాబులు ఏడయ్యాయి. అందులో రాసినవారందరికీ కబురు వెళుతుంది కదా, తెనాలిలో ఆయన ఫోను మోగినట్టుంది. ఐదు నిమిషాల్లో ఎనిమిదోది వచ్చింది.

"పక్క పేజీలో 'సొమ్మసిల్లి' కూడా ఒకసారి చూడమ్మా. మొదటి ముద్రణలో ఒక మ పోయింది."