వాడిన సెస్నా 182టీ సమీక్ష: తెరల మెరుపు చూసి ధర కట్టకండి

వాడిన విమానాల ప్రకటనల్లో "ఫుల్లీ లోడెడ్" అన్న మాట తరచూ కనిపిస్తుంది. రెండు పెద్ద గార్మిన్ తెరలు, లెదర్ సీట్లు, కొత్త పెయింట్, ఎండలో తళతళలాడే ఫొటో ఉంటాయి. అడిగే ధర కూడా ఆ తళుకుకు తగ్గట్టే ఉంటుంది. అమెరికాలో చిన్న శిక్షణ విమానం సెస్నా 172 మీద నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నవారి చూపు ఆ తర్వాత 182 మీద పడటం సహజం. జీ1000 అనే గార్మిన్ తెరలతో వచ్చిన 182టీ మోడల్‌కు పాతవాటిలో మంచి గిరాకీ ఉంది. ఆ గిరాకీకి తగిన విమానమే ఇది. అయితే ఒకే ఏడాది తయారైన రెండు 182టీల మధ్య కూడా విలువలో చాలా తేడా ఉండొచ్చు. ఆ తేడా ఫొటోల్లో కనిపించదు, లాగ్‌బుక్‌లోనూ (మరమ్మతుల నమోదు పుస్తకం) బరువుల కాగితంలోనూ ఉంటుంది.

ముందు ఈ విమానం గురించి క్లుప్తంగా. 182 మొదట 1956లో వచ్చింది. 1986లో తయారీ ఆగింది. 1990ల చివర్లో 182ఎస్‌గా మళ్లీ మొదలైంది, 2001లో 182టీ అయింది, 2004లో జీ1000 తెరలు చేరాయి. ఇంజన్ లైకమింగ్ ఐఓ-540, 230 హార్స్‌పవర్. ఇంధనం రెక్కల్లో 87 గ్యాలన్లు, అంటే దాదాపు 330 లీటర్లు. గంటకు సుమారు 13 గ్యాలన్లు తాగుతూ 140 నాట్ల (గంటకు దాదాపు 260 కిలోమీటర్లు) దగ్గర పోతుంది. డల్లాస్ నుంచి హ్యూస్టన్‌కు గంటన్నర ప్రయాణం. చక్రాలు ముడుచుకోవు కాబట్టి ఇన్సూరెన్స్‌వాళ్ల దగ్గర ముడుచుకునే చక్రాల విమానాల కంటే తేలిగ్గా గట్టెక్కవచ్చు. 200 హార్స్‌పవర్ దాటిన ఇంజన్ కాబట్టి నడపడానికి హై-పెర్ఫార్మెన్స్ ఎండార్స్‌మెంట్ (శిక్షకుడు రాసిచ్చే అనుమతి) మాత్రం తప్పనిసరి.

నాలుగు సీట్లు ఉన్నాయి కదా అని ట్యాంకులు నింపి నలుగురూ ఎక్కేస్తామంటే కుదరదు. గరిష్ఠ టేకాఫ్ బరువు 3,100 పౌండ్లు. జీ1000 ఉన్న 182టీల్లో యూజ్‌ఫుల్ లోడ్ (మనుషులు, సామాను, ఇంధనం కలిపి మోయగల బరువు) సాధారణంగా 1,100 పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది. నిండు ట్యాంకుల బరువే 522 పౌండ్లు. మిగిలేది 578, అంటే దాదాపు 262 కిలోలు. అందులో ముగ్గురు పెద్దవాళ్లు, వాళ్ల బ్యాగులు పడతాయి. నాలుగో మనిషి ఎక్కాలంటే ఇంధనం తగ్గించాలి. ఇంధనం పోసే రంధ్రం లోపల ఒక గుర్తు రేకు ఉంటుంది. అక్కడిదాకా పోస్తే 64 గ్యాలన్లు. అప్పుడు మనుషులకు, సామానుకు 325 కిలోలు మిగులుతాయి, రిజర్వు పోను నాలుగు గంటల దాకా ఎగరొచ్చు. కుటుంబ ప్రయాణాలకు సరైన లెక్క ఇదే.

"బాగా అమర్చిన విమానం" అన్న మాటలో మెలిక ఇక్కడే ఉంది. ఎయిర్ కండిషనింగ్, మంచు కరిగించే ద్రవం ట్యాంకు, అదనపు రేడియో పెట్టెలు, ఆక్సిజన్ సిలిండర్ ఇవన్నీ ధరను పెంచుతాయి, మోసే బరువును తింటాయి. అందుకే అమ్మేవారిని మొదట అడగాల్సింది ఫొటోలు కాదు, తాజా వెయిట్ అండ్ బ్యాలెన్స్ పత్రం, అంటే బరువుల కాగితం. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాత కాగితం పనికిరాదు. చివరిసారి పరికరాలు మార్చినప్పుడు సవరించినదే కావాలి. ఇంకో విషయం, దిగేటప్పటి గరిష్ఠ బరువు 2,950 పౌండ్లే. పూర్తి బరువుతో ఎగిరితే 25 గ్యాలన్లు కాల్చాకే మామూలుగా దిగాలి. అంటే దాదాపు రెండు గంటలు. గంట ప్రయాణానికి ట్యాంకులు నింపుకుని వెళ్లేవారు మరిచిపోయేది దీన్నే.

ఇక తెరల సంగతి. బయటికి జీ1000లన్నీ ఒకేలా కనిపిస్తాయి, కానీ ఆటోపైలట్ మీద ఉన్న పేరు చదివితే విలువ తెలిసిపోతుంది. మొదటి మూడేళ్లలో, అంటే 2004 నుంచి 2006 దాకా వచ్చినవాటిలో కేఏపీ 140 ఉంటుంది. 2007 నుంచి జీఎఫ్‌సీ 700 వచ్చింది. కేఏపీ 140 టర్న్ కోఆర్డినేటర్ (మలుపును కొలిచే పరికరం) సంకేతాన్ని బట్టి నడిచే పాత తరం యంత్రం. దిశ పట్టుకుంటుంది, ఎత్తు పట్టుకుంటుంది, అప్రోచ్ (రన్‌వే వైపు దిగే దారి) కూడా నడుపుతుంది. కానీ తెరతో కలిసిపోయిన ఫ్లైట్ డైరెక్టర్ (ఎటు తిప్పాలో తెర మీద చూపే గుర్తు) ఉండదు. ఎంచుకున్న వేగంతో పైకెక్కమని చెబితే దానికి తెలియదు. జీఎఫ్‌సీ 700కు ఇవన్నీ వచ్చు. మేఘాల్లో ఒంటరిగా నడిపే పైలట్‌కు ఇది సౌకర్యం మాత్రమే కాదు, భద్రత. పాతది తీసి కొత్తది పెట్టించుకుందాం అనుకోవద్దు. సర్వోలు (కంట్రోళ్లను కదిపే చిన్న మోటార్లు), కంట్రోలర్, వైరింగ్ అన్నీ కలిసిన వ్యవస్థ అది. డబ్బా మార్చినంత తేలిక కాదు.

రెండోది వాస్, అంటే జీపీఎస్‌ను మరింత కచ్చితం చేసే ఉపగ్రహ వ్యవస్థ. తొలినాళ్ల జీ1000లో జీఐఏ 63 యూనిట్లు (జీపీఎస్, రేడియో పెట్టెలు) ఉండేవి. వాటితో ఎల్పీవీ అప్రోచ్‌లు (దిగేటప్పుడు ఎత్తును కూడా జీపీఎస్‌తోనే చూపే పద్ధతి) నడపలేం. జీఐఏ 63డబ్ల్యూ యూనిట్లు, వాటికి తగిన యాంటెన్నాలు ఉంటేనే ఆ సదుపాయం. ఇది తర్వాత పెట్టించాలంటే ఐదంకెల డాలర్ల పని. ప్రకటనలో "వాస్ రెడీ" అని ఉంటే అది "వాస్ ఉంది" అని కాదు. సిస్టమ్ పేజీలో యూనిట్ల పేర్లు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ కనిపించేలా తెర ఫొటో పంపమనండి.

మూడోది ట్రాన్స్‌పాండర్, రాడార్‌కు జవాబిచ్చే రేడియో పెట్టె. 2020 జనవరి 1 నుంచి అమెరికాలో రద్దీగా ఉండే నియంత్రిత గగనతలంలో ఏడీఎస్-బీ అవుట్ (విమానం తన స్థానాన్ని తానే ప్రసారం చేయడం) తప్పనిసరి. వాస్ యూనిట్లతో పాటు జీటీఎక్స్ 33ఈఎస్ ఉంటే ఆ నిబంధన తీరుతుంది. జీటీఎక్స్ 345ఆర్ ఉంటే నిబంధన తీరడమే కాక వాతావరణం, చుట్టుపక్కల విమానాలు తెర మీదికే వస్తాయి, నెలచందా లేకుండా. ఈ చిన్న తేడాకు విలువ కట్టే కొనుగోలుదారులు తక్కువ. కట్టాలి.

ఒక్కో తెరకు పైన ఒకటి, కింద ఒకటి స్లాట్లు ఉంటాయి. కింది స్లాట్లలో ఉండే డేటా కార్డులు విమానంతో పాటే చేతులు మారాలి. భూభాగం, అడ్డంకుల వివరాలు వాటిలోనే ఉంటాయి. అమ్మకం హడావుడిలో అవి పాత యజమాని బ్యాగులోనే ఉండిపోవచ్చు. పై స్లాటులో మాత్రం ఒక ఉపయోగం దాగి ఉంది. సాఫ్ట్‌వేర్ వెర్షన్ అనుమతిస్తే, కుడివైపు తెర పై స్లాటులో కార్డు ఉన్నంతకాలం ఇంజన్ వివరాలు సెకను సెకనుకూ రాసుకుంటుంది. ఆ ఫైళ్లు అడగండి. ఆరు సిలిండర్ల హెడ్ ఉష్ణోగ్రతలు క్రూజ్‌లో 400 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు ఉన్నాయా, ఒక్కటి ఎప్పుడూ మిగతావాటి కంటే వేడిగా ఉందా అన్నది వాటిలో దాగదు. యజమాని ఎంత జాగ్రత్తపరుడో నోటిమాట కంటే ఆ అంకెలు బాగా చెబుతాయి.

ఇంజన్ దగ్గర ఒక సామాన్య భ్రమ ఉంది. తక్కువ గంటలు నడిచిన ఇంజన్ మంచిది అనుకోవడం. లైకమింగ్‌లో క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే కడ్డీ) క్రాంక్‌షాఫ్ట్‌కు (ప్రొపెల్లర్‌ను తిప్పే ప్రధాన కడ్డీ) పైన ఉంటుంది. ఇంజన్ నెలల తరబడి ఊరికే ఉంటే దాని మీది ఆయిల్ మొత్తం కిందికి జారిపోతుంది. తేమ పట్టి తుప్పు చుక్కలు పుడతాయి. మళ్లీ నడిపినప్పుడు ఆ చుక్కలే క్యామ్‌ను, ట్యాపెట్లను అరగదీస్తాయి. ఓవర్‌హాల్ (ఇంజన్‌ను పూర్తిగా విప్పి బాగుచేయడం) తర్వాత 400 గంటలే నడిచింది కానీ గత మూడేళ్లలో ఏడాదికి పదిహేను గంటలే ఎగిరింది అనుకోండి. వారం వారం ఎగిరి 1,200 గంటలు తిరిగిన ఇంజన్ దానికంటే నయం. లైకమింగ్ చెప్పే ఓవర్‌హాల్ గడువు 2,000 గంటలు, లేదా 12 ఏళ్లు. సొంతానికి నడుపుకునేవారికి అమెరికాలో ఇది చట్టబద్ధమైన గడువు కాదు. అయినా బేరంలో ఆ పన్నెండేళ్ల లెక్క తప్పక తీయాలి. "ఓవర్‌హాల్ అయింది" అంటే ఎవరు చేశారో చూడాలి. ఫ్యాక్టరీ రీబిల్ట్ వేరు, షాపులో చేసిన ఓవర్‌హాల్ వేరు. ఇంకో కాగితం ఏడీ (ప్రభుత్వం జారీచేసే తప్పనిసరి భద్రతా ఆదేశం) 2012-19-01, కొన్ని లైకమింగ్ క్రాంక్‌షాఫ్ట్‌ల మార్పిడి ఆదేశం. అది ఈ ఇంజన్‌కు వర్తిస్తుందా, వర్తిస్తే ఎలా ముగిసిందో లాగ్‌బుక్‌లో స్పష్టంగా రాసి ఉండాలి.

ఎద్దును కొనేముందు పళ్లు పట్టి చూసినట్టు ఈ విమానానికి ఫైర్‌వాల్ పట్టి చూడాలి. ముందు బరువైన ఇంజన్, ముందు సీట్లలో ఇద్దరే, వెనక ఖాళీ. దిగేటప్పుడు ముక్కు బరువుగా ఉంటుంది. పైలట్ కంట్రోల్ కాడను వెనక్కి తగినంత లాగకపోతే మూడు చక్రాలూ ఒకేసారి, లేదా ముక్కు చక్రమే ముందు నేలను తాకుతుంది. ఆ దెబ్బ తినేది ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్యనున్న ఆ రేకు గోడ. కింది భాగంలో ముడతలు, వదులైన రివెట్లు, కాళ్ల దగ్గర నేలరేకు ఉబ్బడం, రడ్డర్ పెడల్స్ బిగుసుకోవడం దీని లక్షణాలు. ఇంజన్ కవర్ పూర్తిగా విప్పి లైటు వేసి చూడాలి. పైనుంచి తొంగి చూస్తే కనబడదు. బాగుచేసి ఉంటే తప్పేమీ లేదు. కాగితాలతో, సరైన భాగాలతో చేసి ఉండాలి, ధరలో ఆ సంగతి కనిపించాలి. అదే దెబ్బకు ప్రొపెల్లర్ నేలను తాకి ఉంటే ఏడీ 2004-10-14 ప్రకారం క్రాంక్‌షాఫ్ట్ గేరు తనిఖీ జరిగిందో లేదో చూడాలి. కొత్త ప్రొపెల్లర్ వేసిన తేదీ కనిపించి, పక్కనే ఇంజన్ విప్పిన నమోదు లేకపోతే అడిగి తీరాల్సిన ప్రశ్న అది.

రెక్కల కింద నీలి మరకలు వెతకండి. విమాన పెట్రోలు ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్ రంగు నీలం. ఈ మోడల్‌లో రబ్బరు సంచులు ఉండవు, రెక్కే ట్యాంకు. సీలెంట్ పగిలితే రివెట్ల వెంట నీలిచారలు దిగుతాయి. సీట్ల పట్టాల రంధ్రాలు అరిగితే టేకాఫ్‌లో సీటు వెనక్కి జారుతుంది. ఏడీ 2011-10-09 ఆ పట్టాల తనిఖీ గురించే. వరుసగా నమోదులు ఉన్నాయో చూడండి.

ప్రీ-బై తనిఖీని, అంటే కొనేముందు చేయించే పరీక్షను, ఆ విమానాన్ని ఎన్నడూ ముట్టని మెకానిక్‌తో చేయించండి. అమ్మేవారి "ఫ్రెష్ యాన్యువల్" (ఇటీవలి వార్షిక తనిఖీ) దీనికి ప్రత్యామ్నాయం కాదు. కంప్రెషన్ పరీక్షలో 80 పీఎస్‌ఐ గాలి పంపి ఎంత నిలిచిందో చూస్తారు. అంకెతో పాటు గాలి ఎటు పోతోందో కూడా అడగండి. ఎగ్జాస్ట్‌లో బుస వినబడితే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ పోసే గొట్టంలో వినబడితే రింగులు. బోరోస్కోప్‌తో (సిలిండర్ లోపల చూసే సన్నని కెమెరా) వాల్వుల ఫొటోలు తీయించండి. ఆయిల్ ఫిల్టర్ కోసి మడతల్లో లోహపు తునకలు ఉన్నాయేమో చూడాలి. ఫిల్టర్ కోయని ప్రీ-బై సగం పనే. గ్రౌండ్ పవర్ పెట్టి తెరలు అరగంట నడపండి. వేడెక్కాక ఎక్కడైనా ఎర్ర ఇంటూ గుర్తు పడితే ఆ యూనిట్ ఖర్చు బేరంలోకి రావాలి. స్టాండ్‌బై బ్యాటరీ పరీక్షలో పచ్చదీపం ఆరకూడదు.

డబ్బు ఎస్క్రోలో (మధ్యవర్తి ఖాతాలో) పెట్టి, ఓక్లహామా సిటీలో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ నడిపే రిజిస్ట్రీలో టైటిల్ సెర్చ్ (యాజమాన్య తనిఖీ) చేయించి, పాత బ్యాంకు లీన్ (అప్పు తాకట్టు) విడుదలైందని కాగితం చూశాకే ముందుకు వెళ్లండి. బిల్ ఆఫ్ సేల్ ఫారం 8050-2, రిజిస్ట్రేషన్ దరఖాస్తు 8050-1. ఇక్కడ మనవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. సొంత పేరు మీద ఎన్-నంబరు (అమెరికా విమాన రిజిస్ట్రేషన్ నంబరు) రిజిస్టర్ చేసుకోవాలంటే అమెరికా పౌరులై ఉండాలి, లేదా గ్రీన్ కార్డ్ ఉండాలి. హెచ్-1బీ మీద ఉన్నవారికి లైసెన్సు రావచ్చు, విమానం సొంత పేరున రాదు. ట్రస్టు ద్వారా వెళ్లాలి, దానికి ఏటా ఖర్చు ఉంటుంది. స్నేహితులు కలిసి ఎల్‌ఎల్‌సీ పెట్టుకుంటే, ఓటింగ్ హక్కుల్లో కనీసం 75 శాతం పౌరుల చేతిలో ఉండాలి. ఆ లెక్కలో గ్రీన్ కార్డ్ ఉన్నవారు పౌరుల కిందికి రారు. ఈ సంగతి అడ్వాన్సు ఇచ్చాక తెలిస్తే అందరికీ ఇబ్బందే.

అమ్మేవారికి కూడా రెండు మాటలు. అమ్మకానికి ముందు కొత్త తెరలు, కొత్త సీట్లు వేయించకండి. పెట్టిన డబ్బు మొత్తం తిరిగి రాదు. ఆ డబ్బుతో లాగ్‌బుక్‌లన్నీ మొదటి పేజీ నుంచి స్కాన్ చేయించండి, ఏడీల పట్టిక, 337 ఫారాలు (పెద్ద మరమ్మతులు, మార్పుల నమోదు), వెయిట్ అండ్ బ్యాలెన్స్ ఒకే ఫైల్లో పెట్టండి. పాత దెబ్బ ఉంటే ప్రకటనలోనే రాయండి. ప్రీ-బైలో బయటపడితే దెబ్బకు తగ్గే ధర కంటే ఎక్కువ తగ్గించాల్సి వస్తుంది. కొనేవారు దొరికేదాకా వారానికోసారి గంటసేపు ఎగరండి. ఊరికే నేల మీద తిప్పి ఆపితే ఆయిల్‌లో తేమ ఆరదు, ఇంకా చేరుతుంది. అమ్మాక పాత రిజిస్ట్రేషన్ పత్రం వెనక వివరాలు నింపి 21 రోజుల్లో రిజిస్ట్రీకి పంపాలి.

2007 లేదా తర్వాతి 182టీ, జీఎఫ్‌సీ 700, వాస్, క్రమం తప్పకుండా ఎగిరిన ఇంజన్, ముడతలేని ఫైర్‌వాల్ ఇవన్నీ ఉంటే అడిగిన ధరలో పెద్దగా బేరమాడకుండా కొనదగ్గ విమానం. 2004-06 మోడల్ అయితే కేఏపీ 140, వాస్ లేకపోవడం రెండూ ధరలో కనిపించాలి. అలా కనిపిస్తే పగటిపూట, మంచి వాతావరణంలో తిరిగే కుటుంబానికి అది నిజంగా మంచి బేరం. మేఘాల్లో తరచూ తిరిగేవారు మాత్రం 2007 లేదా తర్వాతిది దొరికేదాకా ఇంకో ఆరు నెలలు ఆగండి.