చెన్నైలో మధ్యాహ్న భోజనం: చింతాద్రిపేట నుంచి మైలాపూర్ దాకా

మాది ఒంగోలు. సెల్‌ఫోన్ రిపేర్ షాపు నడుపుతున్నాను. డిస్‌ప్లేలు, బ్యాటరీలు, చార్జింగ్ బోర్డుల కోసం ఏళ్లుగా చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లొస్తున్నాను. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి సెంట్రల్‌లో దిగుతాను. షాపులు తెరిచాక సరుకు చూసుకుని, మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో బయల్దేరే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కేస్తాను. పని మిగిలితే సాయంత్రం దాకా ఉండి రాత్రి రైలుకి వస్తాను. ఎలా చూసినా మధ్యాహ్నం అన్నం చెన్నైలోనే. హాస్పిటల్ పనికో, టీ నగర్‌లో పెళ్లి బట్టలకో వెళ్లే మా ఊరివాళ్లు షాపుకొచ్చి, "అక్కడ భోజనం ఎక్కడ బాగుంటుంది?" అని అడుగుతుంటారు. ఇన్నాళ్లు తిన్న అనుభవంతో నా అభిప్రాయం రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. కొత్తగా వచ్చినవాళ్లకి చెన్నైలో మంచి భోజనం దొరికే దారి మెయిన్ రోడ్ల మీద కాదు, బీచ్ స్టేషన్ నుంచి వేలచ్చేరి వెళ్లే ఎమ్ఆర్‌టీఎస్ రైలు లైను మీద ఉంది. స్తంభాల మీద పోతుంది కాబట్టి అక్కడివాళ్లు దాన్ని ఎగిరే రైలు అంటారు. 1995లో చేపాక్ దాకా, 1997లో మైలాపూర్ దాకా వేశారు. రిచీ స్ట్రీట్ నుంచి చింతాద్రిపేట స్టేషన్‌కి నడిచి వెళ్లొచ్చు. తర్వాతి స్టేషన్ చేపాక్, ఆ తర్వాత తిరువల్లికేణి, ఇంకాస్త ముందుకెళ్తే మైలాపూర్. చెన్నైలో నాకు బాగా నచ్చిన మూడు భోజనాలూ ఈ కాస్త దూరంలోనే ఉన్నాయి. టికెట్ ధర ఒక టీ ఖర్చుకి మించదు. రైలుకీ రైలుకీ మధ్య ఎడం మాత్రం ఎక్కువ, ఒకటి తప్పితే వేచి చూడాలి. నాలుగో లైను పనుల కోసం 2023 ఆగస్టులో బీచ్‌కీ చింతాద్రిపేటకీ మధ్య రైళ్లు ఆపేసి, ఏడాది దాటాక మళ్లీ మొదలుపెట్టారు. ఆ రోజుల్లో కూడా చింతాద్రిపేట నుంచి అవతలికి రైళ్లు నడిచాయి కాబట్టి నా భోజనానికి లోటు రాలేదు.

మెస్‌లు అక్కడే ఎందుకున్నాయో తెలిస్తే వాటి తీరు కూడా అర్థమవుతుంది. తిరువల్లికేణి అంటే ట్రిప్లికేన్. అక్కడ మాన్షన్లు అనే పాత లాడ్జీలు వీధికి నాలుగు కనిపిస్తాయి. ఊళ్ల నుంచి ఉద్యోగానికో చదువుకో వచ్చిన ఒంటరి మగవాళ్లు నెలవారీ అద్దెకి గదులు తీసుకుని ఉంటారు. గదుల్లో వంటకి వీలుండదు. మద్రాస్ యూనివర్సిటీ పక్కనే, సెక్రటేరియట్ కాస్త అవతల. రోజూ రెండు పూటలా బయటే తినేవాళ్లు వేలల్లో ఉన్నచోట నాసిరకం భోజనం పెట్టి నిలబడటం కష్టం. టూరిస్టు ఒక్కసారి వచ్చి పోతాడు, మాన్షన్‌లో ఉండేవాడు రేపు కూడా రావాలి. మెస్‌వాళ్లు వండేది ఆ రేపటి మనిషిని చూసుకునే.

వీటిలో మొదట చెప్పాల్సింది అక్బర్ సాహెబ్ వీధిలో ఉన్న కాశీ వినాయగ మెస్. పూర్తిగా శాకాహారం. ముందు డబ్బు కట్టి టోకెన్ తీసుకోవాలి, నంబరు పిలిచేదాకా బయట నిలబడాలి. ఒక బంతి లేచాకే ఇంకో బంతిని లోపలికి వదులుతారు. మన పెళ్లిళ్లలో బంతి భోజనాల పద్ధతే. లోపలికి వెళ్లాక మాత్రం నిమిషం వృథా కాదు. ఆకు, కూరలు, అన్నం, సాంబారు ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. వడ్డించే మనిషి మన మొహం చూడడు, ఆకునే చూస్తాడు. అన్నం కుప్ప తగ్గితే ఆగుతాడు, చెయ్యి అడ్డం పెడితే ముందుకెళ్తాడు. భాష రాకపోయినా అక్కడ ఇబ్బంది ఉండదు.

మనవాళ్లు చాలామంది తడబడేది తినే వరసలో. మనకి ముద్దపప్పు, నెయ్యి, పచ్చడితో మొదలుపెట్టి కూరల మీదుగా చారుకి రావడం అలవాటు. అక్కడ మొదటి అన్నమే సాంబారుది. తర్వాత వత్తకుళంబో కారకుళంబో, అంటే చిక్కటి చింతపండు పులుసు, వస్తుంది. దాని తర్వాత రసం, చివర మజ్జిగో పెరుగో. మనవాళ్లు సాంబారుకే రెండుసార్లు అన్నం పెట్టించుకుని, కుళంబు వచ్చేసరికి కడుపు నిండిపోయి వద్దంటారు. ఒకసారి ట్రిప్లికేన్‌లో నా పక్కన కూర్చున్న పెద్దాయన చక్కటి తెలుగులో, "రసానికి చోటుంచుకో నాయనా, వీళ్ల చెయ్యి దాంట్లో తెలుస్తుంది" అన్నారు. అప్పటి నుంచి ఏ మెస్‌కి వెళ్లినా సాంబారన్నం నాలుగు ముద్దలకి మించనివ్వను. ఒక మెస్ బాగుందో లేదో రసంతోనే తేలుతుంది. సాంబారు ఎవరైనా పప్పు, కూరగాయలతో నెట్టుకురాగలరు. రసంలో దాచడానికి ఏమీ ఉండదు. మిరియం, జీలకర్ర అప్పుడు దంచి వేశారా, పొద్దున కాచిన దాన్నే మళ్లీ మళ్లీ వేడి చేస్తున్నారా అన్నది మొదటి గుక్కలోనే నాలుకకి తెలిసిపోతుంది.

వత్తకుళంబు సంగతి విడిగా చెప్పాలి. ఎండబెట్టిన ఉస్తికాయల్ని నువ్వుల నూనెలో వేయించి, చింతపండు పులుసులో బాగా ఇగరబెడతారు. చిక్కటి గోధుమరంగు పులుసు మీద నూనె అంచులా తేలుతుంది. అన్నంలో కొంచెమే కలపాలి. ఉస్తికాయ పంటి కింద పడగానే ముందు చేదు, వెంటనే పులుపు, ఆఖర్న చిన్న తీపి తగులుతాయి. మన పులుసులు ఇష్టపడేవాళ్లకి ఇది ఖాయంగా నచ్చుతుంది. గోంగూర పచ్చడి లేదే అన్న బాధ ఆ ఒక్క ముద్దతో పోతుంది, కనీసం నాకు పోయింది. కుళంబుతో పాటు తినడానికి అప్పళం, అంటే మన అప్పడం, ఉంచుకోండి, సాంబారు దగ్గరే తినేయకండి.

అన్నం విషయంలో ఒక మాట. చాలా మెస్‌లలో ఉప్పుడు బియ్యం వాడతారు. సన్నబియ్యానికి అలవాటుపడ్డ మనకి మొదట్లో మెతుకు లావుగా, చప్పగా అనిపిస్తుంది. కానీ ఆ పులుసులకి ఆ అన్నమే సరిపోతుంది, తిన్నాక కడుపు బరువుగా ఉండదు. మధ్యాహ్నం తర్వాత కూడా రిచీ స్ట్రీట్ మెట్లు ఎక్కి దిగాల్సినవాడిగా ఆ తేడా నాకు బాగా తెలుస్తుంది.

మాంసాహారులైతే ఒక స్టేషన్ ముందే, చేపాక్‌లో దిగండి. క్రికెట్ స్టేడియం దగ్గర్లో, ఒక సందులో నాయర్ మెస్ ఉంది. 1961 నుంచి నడుస్తోంది. కేరళ పద్ధతి వంట. మీల్స్ చెప్పి, విడిగా చేప వేపుడు తీసుకోవాలి. వంజరం అంటే మన కోస్తా వాళ్లకి చెప్పక్కర్లేదు, పేరు కూడా అదే. ముక్క మరీ మందంగా కోయరు, మసాలా పైపైన కాకుండా లోపలికి పడుతుంది, అంచులు కరకరలాడతాయి. దాని పక్కన చేపల పులుసు పోసుకుని తినే అన్నం కోసం నేను ఒక రైలు వదిలేసుకోవడానికైనా సిద్ధం. గది చిన్నది, జనం ఎక్కువ. ఎవరి పక్కన చోటుంటే అక్కడ సర్దుకుని కూర్చోవాలి. కుటుంబమంతా ఒకే టేబుల్ కావాలంటే మాత్రం ఒంటిగంట వేళ అక్కడికి వెళ్లకండి.

మైలాపూర్‌లో కపాలీశ్వర స్వామి దర్శనం చేసుకుని వచ్చేవాళ్లకి తూర్పు మాడ వీధిలో కర్పగాంబాళ్ మెస్ ఉంది. పాతకాలం చోటు, నెమ్మదైన రుచులు. కారం బాగా తగ్గుతుంది, పెద్దవాళ్లకి బాగా నప్పుతుంది. నాకు దాని భోజనం కన్నా సాయంత్రం వేసే కీరై వడ, అంటే ఆకుకూర వడ, ఎక్కువ ఇష్టం, అందుకే భోజనం వరకే మార్కులు వేయమంటే ట్రిప్లికేన్ తర్వాతే పెడతాను.

ఫోన్లో రేటింగ్ చూసి వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక. చెన్నైలో టిఫిన్ వేరు, మీల్స్ వేరు. ఇడ్లీ, పొంగల్, కాఫీకి వచ్చిన నక్షత్రాలన్నీ కలిపి ఒకే హోటల్ పేరు మీద కనిపిస్తాయి, వాటిని చూసి మధ్యాహ్నం వెళ్తే లాభం లేదు. మైలాపూర్‌లోనే రాయర్ మెస్ ఉంది, ఎంతో పేరున్నది. కానీ పొద్దునా సాయంత్రం టిఫినే తప్ప అక్కడ మధ్యాహ్నం భోజనమే ఉండదు. ట్రిప్లికేన్ రత్నా కేఫ్ 1948 నుంచి సాంబారు ఇడ్లీకి ప్రసిద్ధి, దానికోసమైతే పొద్దున్నే వెళ్లాలి. కాబట్టి రివ్యూల్లో 'మీల్స్' అన్న మాట వెతికి, మధ్యాహ్నం తిన్నవాళ్లు ఏం రాశారో అదే చదవండి. దానికన్నా నమ్మకమైన పద్ధతి ఇంకొకటి ఉంది. పన్నెండున్నరకి ఆ వీధిలో ఆఫీసు ఐడీ కార్డు మెడలో వేసుకున్నవాళ్లు, చుట్టుపక్కల షాపుల్లో పనిచేసే కుర్రాళ్లు ఎటు నడుస్తున్నారో చూడండి. రిచీ స్ట్రీట్‌లో నేను సరుకు కొనే షాపు కుర్రాణ్ని "ఈ రోజు ఎక్కడ తింటున్నావ్ తమ్ముడూ?" అని అడగడంతో తెలిసిన చోట్లు, యాప్‌లో దొరికిన వాటికన్నా ఎప్పుడూ మేలే.

రైల్వే స్టేషన్ల చుట్టూ 'ఆంధ్రా మీల్స్' బోర్డు కనిపించగానే మనవాళ్ల కాళ్లు అటు పోతాయి. సెంట్రల్ దగ్గర అలాంటి ఒక హోటల్‌లో నాకు పప్పు పేరుతో పలచటి సాంబారే పోశారు, పచ్చడి రెండోసారి అడిగితే బిల్లులో కలిపారు. టీ నగర్ వైపు మంచి ఆంధ్రా భోజనాలు లేవని కాదు. కందిపొడి, నెయ్యి, ఆవకాయతో తృప్తిగా పెట్టేచోట్లు ఉన్నాయి, వారం పది రోజులు ఉండాల్సివస్తే నేనూ వెళ్తాను. ఒక్క పూటకి వచ్చినప్పుడు మాత్రం ఇంట్లో రోజూ తినేదాన్ని అంత దూరంలో వెతుక్కోవద్దని నా సలహా.

హాస్పిటల్ పని మీద వచ్చేవాళ్ల పరిస్థితి వేరు. గ్రీమ్స్ రోడ్ వైపో నుంగంబాక్కం వైపో చూపించుకోవడానికి వచ్చి, రిపోర్టుల టెన్షన్‌తో ఉన్నవాళ్లకి టోకెన్ తీసుకుని వీధిలో నిలబడే ఓపిక ఉండదు. వాళ్లు దగ్గర్లో ఉన్న శరవణ భవన్ లాంటి పెద్ద హోటల్‌కి వెళ్లడమే మంచిది. కూర్చోవడానికి చోటు, చేతులు కడుక్కోవడానికి శుభ్రమైన చోటు, ఏసీ ఉంటాయి. పూర్తి మీల్స్ తినలేని పెద్దవాళ్లకి మినీ మీల్స్ చెప్పండి. సాంబారన్నం, పెరుగన్నం, ఒక కూర చిన్న గిన్నెల్లో వస్తాయి. రోగితో పాటు వారాలు ఉండాల్సివచ్చి డబ్బు చూసుకోవాల్సినవాళ్లకి అమ్మా ఉణవగంలు, అంటే ప్రభుత్వం తరఫున నడిచే చవక క్యాంటీన్లు, ఉన్నాయి. 2013లో మొదలుపెట్టినప్పుడు ఇడ్లీ రూపాయి, సాంబారన్నం ఐదు, పెరుగన్నం మూడు రూపాయలు. రుచి గురించి గొప్పగా చెప్పను, కానీ వేడిగా ఉంటుంది, కడుపు నిండుతుంది. పెద్ద ప్రభుత్వాసుపత్రుల దగ్గర ఆ క్యూలో నిలబడిన మనవాళ్లని చూశాక, ఈ సమీక్షలో దాని పేరు లేకపోతే తప్పనిపించింది.

బిర్యానీ అడిగేవాళ్లుంటారు. మౌంట్ రోడ్డులో 1951 నుంచి ఉన్న బుహారీ రిచీ స్ట్రీట్‌కి దగ్గరే. చికెన్ 65 తమ దగ్గరే 1965లో పుట్టిందని వాళ్లు చెబుతారు. ఆ 65 తినండి, బాగుంటుంది. బిర్యానీ మాత్రం మన నాలుకకి సాదాగా తోస్తుంది, దాన్ని హైదరాబాద్‌తో పోల్చుకుంటూ తినకండి.

ఇక టైము. పదకొండున్నర, పన్నెండు మధ్య వెళ్తే వేడి అన్నం, మొదటి కుళంబు, నిలబడే పని తక్కువ. ఒంటిగంట నుంచి రెండు దాకా ఎక్కడైనా రద్దీయే. రెండున్నర దాటితే కూర అయిపోవచ్చు, అప్పళాలు మెత్తబడతాయి, రసం అడుగుకి చేరుతుంది. చిల్లర, పది ఇరవై నోట్లు జేబులో ఉంచుకోండి, టోకెన్ దగ్గర పని త్వరగా అవుతుంది. ఆదివారం అయితే బయల్దేరే ముందు ఫోన్ చేసి తెరిచారో లేదో కనుక్కోండి.

పినాకినికి టైము చాలకపోతే పార్సిల్ కట్టించుకోండి, కానీ మీల్స్ కాదు. సాంబారు, రసం పాలిథిన్ సంచుల్లో పోసి దారంతో కడతారు, కదిలే రైల్లో అవి విప్పడం కష్టం. పులిహోర, పెరుగన్నం చెప్పండి. పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేసేచోట అయితే ఇంకా మంచిది. గూడూరు దాటేలోపు తినేయండి, ఎండాకాలంలో పెరుగు అంతకన్నా ఆగదు.