డిగ్రీ ల్యాబ్‌లో మైక్రోపిపెట్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

మా డిగ్రీ కాలేజీ బయాలజీ ల్యాబ్‌లో మూడు మైక్రోపిపెట్లున్నాయి, అంటే బొటనవేలితో నొక్కి అతి కొద్ది ద్రవాన్ని కొలిచి తీసే సాధనాలు. 2–20, 20–200, 100–1000 మైక్రోలీటర్లవి (1000 మైక్రోలీటర్లంటే 1 మి.లీ.). మూడూ దేశీ కంపెనీవే. పేరున్న విదేశీ బ్రాండ్ ఒక్కటి కొనే డబ్బుతో ఈ మూడూ వచ్చాయి. చాలా బ్యాచ్‌ల పిల్లల చేతుల్లో నలిగాయి. కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు ముందే చెప్పేస్తాను: 100–1000ది మారు ఆలోచించకుండా కొనండి, 20–200ది డబ్బులు మిగిలితే కొనండి, 2–20ది డిగ్రీ ప్రాక్టికల్స్‌కు అక్కర్లేదు. మాది ఎక్కువకాలం బీరువాలోనే ఉంది.

తేడా బాగా తెలిసింది ప్రొటీన్ ఎస్టిమేషన్‌లో. లౌరీ పద్ధతిలో (ప్రొటీన్ ఎంత ఎక్కువుంటే నీలం రంగు అంత ముదిరే పరీక్ష) మిల్లీలీటరుకు 200 మైక్రోగ్రాములున్న బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రొటీన్) స్టాండర్డ్‌ను ఐదు టెస్ట్‌ట్యూబుల్లో 0.2, 0.4, 0.6, 0.8, 1.0 మి.లీ. చొప్పున వేసి, అన్నింటినీ నీళ్లతో 1 మి.లీ.కి తేవాలి. గాజు పిపెట్‌తో 0.2 వేయమంటే పిల్లలకు టెన్షన్. చివర నిలిచిన చుక్కను ఊదాలా, వదిలేయాలా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. 660 నానోమీటర్ల కాంతి దగ్గర ఆ రంగు రీడింగులు తీసి గ్రాఫ్ గీస్తే మొదటి రెండు పాయింట్లూ గీతకు ఎడంగా పడేవి. మైక్రోపిపెట్ వచ్చాక చాలావరకు గీత మీదే కూర్చుంటున్నాయి. రికార్డుల్లో ‘సర్దిన’ గ్రాఫులు కూడా తగ్గాయి (అవి చూడగానే తెలిసిపోతాయి లెండి).

అయితే గీత తిన్నగా వచ్చినంత మాత్రాన లెక్క సరైనట్టు కాదు. స్టాక్ (ముందే చేసి పెట్టుకునే ఆ స్టాండర్డ్ ద్రావణం) తప్పుగా తయారైతే ఐదు ట్యూబులూ ఒకే నిష్పత్తిలో తప్పుతాయి. గీత చక్కగానే ఉంటుంది, దాని వాలు మాత్రం మారుతుంది, శాంపిల్‌లో ప్రొటీన్ ఎంతో తప్పుగా చెబుతుంది. ఇక్కడ మైక్రోపిపెట్ చేయగలిగింది ఏమీ లేదు. స్టాక్ తయారయ్యేది తూకం దగ్గర, వాల్యూమెట్రిక్ ఫ్లాస్క్‌లో. 10 శాతం గ్లూకోజ్ చేయమంటే 10 గ్రాములు తూచి దాని మీద 100 మి.లీ. నీళ్లు పోసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. మొత్తం 100 దాటిపోతుంది. ముందు కొద్ది నీళ్లలో కరిగించి, ఫ్లాస్క్‌లోకి మార్చి, బీకరు కడిగిన నీళ్లు కూడా అందులోనే పోసి, ఫ్లాస్క్ మెడ మీది గీత దాకా నీళ్లతో మేకప్ చేయాలి. కాపర్ సల్ఫేట్ తూచే ముందు సీసా లేబుల్ చదవాలి. ఐదు నీటి అణువులున్న నీలం స్ఫటికాల అణుభారం 249.7, నీళ్లు లేని తెల్ల పొడిది 159.6. సోడియం హైడ్రాక్సైడ్ గుళికలైతే వాచ్‌గ్లాస్ మీదే తేమ పీల్చుకుని చెమ్మబారతాయి, గబగబా తూచాలి. మీ ల్యాబ్‌లో తూకం సరిగా లేకపోతే, ముందు ఆ డబ్బు అక్కడ పెట్టండి. మైక్రోపిపెట్ తర్వాత.

మట్టిలో బ్యాక్టీరియా లెక్కించే సీరియల్ డైల్యూషన్‌లో (అడుగడుగునా పదో వంతుకు పలచన చేయడంలో) 100–1000ది రోజూ పనికొచ్చే వస్తువు. 9 మి.లీ. బ్లాంకుల్లోకి (స్టెరైల్ నీళ్లున్న ట్యూబుల్లోకి) 1 మి.లీ. చొప్పున మారుస్తూ ఆరు ట్యూబులు దాటితే పది లక్షల వంతు. ఒక్కో అడుగులో 1 మి.లీ.కి బదులు 0.98 పడిందనుకోండి, ఆరో ట్యూబుకి వచ్చేసరికి దాదాపు పది శాతం తక్కువ తేలుతుంది. అందుకే బొటనవేలి పని ముందు నేర్పాలి. పైనున్న బటన్ నొక్కితే రెండు చోట్ల ఆగుతుంది. మొదటి ఆపు దాకా నొక్కి, టిప్‌ను (చివర తగిలించే ప్లాస్టిక్ మొనను) రెండు మూడు మిల్లీమీటర్లే ముంచి, నెమ్మదిగా వదలాలి. వేసేటప్పుడు టిప్‌ను ట్యూబు గోడకు ఆనించి మొదటి ఆపు, ఆ తర్వాత రెండో ఆపు. రెండో ఆపు దాకా నొక్కి పీలిస్తే ఎక్కువ వస్తుంది. ట్యూబు మారితే టిప్ మారాలి. ఇంకో సంగతి, 9 మి.లీ. కొలిచి ఆటోక్లేవ్‌లో (ఆవిరి వేడితో క్రిములను చంపే పాత్రలో) పెడితే బయటికొచ్చేసరికి కొంత ఆవిరైపోతుంది. నీళ్లను స్టెరిలైజ్ చేసి, ఆ తర్వాతే స్టెరైల్‌గా 9 మి.లీ. చొప్పున పోసుకోవడం మేలు.

నాకు నచ్చనిది డయల్. మా 100–1000 దానిలో మూడే అంకెలు. 050 అంటే 500 మైక్రోలీటర్లు, 100 అంటే 1000. పక్కనే ఉన్న 20–200 దానిలో 100 అంటే అచ్చంగా 100. పిల్లలు ఒకదాని అలవాటుతో ఇంకోటి తిప్పేస్తారు. చివరికి రెండింటి మీదా మార్కర్‌తో రాసి పెట్టాం. నాలుగంకెల డయల్ ఉన్న మోడల్ దొరికితే అదే తీసుకోండి.

రెండోది పిస్టన్, అంటే బటన్ నొక్కితే లోపల కదిలే కడ్డీ. ఎవరో గబుక్కున బొటనవేలు వదిలేస్తారు, ద్రవం టిప్ దాటి లోపలికి ఎగురుతుంది. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి తగిలినా పిస్టన్ తుప్పు పడుతుంది. ఆమ్లాలకు మా ల్యాబ్‌లో ఇప్పటికీ గాజు పిపెట్, రబ్బరు బల్బే. నోటితో పీల్చడం మాత్రం పూర్తిగా మాన్పించాం. 1950ల్లో జర్మనీలోని మార్బుర్గ్‌లో హైన్రిచ్ ష్నిట్గర్ ఈ పిస్టన్ పిపెట్ కనిపెట్టింది కూడా నోటితో పీల్చే బాధ పడలేకనే. గ్లిజరాల్ లాంటి చిక్కని ద్రవాలు టిప్ గోడలకు అంటుకుని తక్కువ పడతాయి. ఆల్కహాల్ అయితే టిప్ చివర నుంచి దానంతటదే కారిపోతుంది. రెండు మూడుసార్లు పీల్చి వదిలి, లోపలి గాలిని ఆ ఆవిరితో నింపాక తీసుకుంటే కొంత నయం.

క్యాలిబ్రేషన్‌కు (కొలత సరిచూడడానికి) బయటికి పంపడం ఖర్చు కాబట్టి సెమిస్టర్ మొదట్లో నేనే చూసుకుంటాను. డిస్టిల్డ్ వాటర్‌ను గది వేడికి రానిచ్చి, 1000 మైక్రోలీటర్లు పదిసార్లు తూచి సగటు తీస్తాను. మన వేసవిలో 30 డిగ్రీల దగ్గర 1 మి.లీ. నీళ్లు తూకంలో 0.995 గ్రాముల దగ్గర వస్తాయి, కచ్చితంగా 1 రాదు. అది పిపెట్ లోపం కాదు. పిపెట్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8655 ప్రకారం 1000 దగ్గర సగటు తేడా 8 మైక్రోలీటర్లు దాటకూడదు. మాది కొత్తలో హాయిగా ఆ లోపలే ఉండేది, నిరుడు తూకం తగ్గడం మొదలైంది. విప్పి చూస్తే లోపలి ఓ-రింగ్ (గాలి లీకవకుండా ఆపే రింగు) అరిగిపోయింది. రింగు మార్చి, గ్రీజు కొద్దిగా రాశాక మళ్లీ దారికొచ్చింది. స్పేర్ రింగులు ఇస్తారా అని కొనేముందే అడిగి తెలుసుకోండి. మా డీలర్ ఇవ్వడానికి నెలల తరబడి తిప్పాడు. మిల్లీగ్రాము దాకే చూపే తూకం మీద 20 మైక్రోలీటర్లను పరీక్షించడం దండగ. 2–20 దాన్ని పక్కన పెట్టడానికి అదీ ఒక కారణం.

ఈసారి ఇండెంట్‌లో (కొనాల్సిన వస్తువుల జాబితాలో) రెండో 100–1000ది, దానికో స్టాండు, టిప్పుల ప్యాకెట్లు రాశాను. స్టాండు లేక బల్ల మీద పడుకోబెడితే టిప్‌లో మిగిలిన ద్రవం లోపలికి జారుతుంది, ఆ రిపేరు ఖర్చుతో రెండు స్టాండ్లు వస్తాయి.