కెమెరా బ్యాగులో పనిముట్లు: మల్టీటూల్ మేలా, విడివిడిగా మేలా?

అమలాపురం దగ్గర ఒక పల్లెలో పెళ్లి, వీడియో తీస్తున్నది నేను. ముహూర్తం రాత్రి 2 గంటల 37 నిమిషాలకు. జీలకర్ర బెల్లం అయిపోయింది, మంగళసూత్రాల పళ్లెం పెద్దల చేతులు తాకుతూ తిరుగుతోంది. అప్పుడే మా కుర్రాడు గుసగుసగా, "అన్నా, కెమెరా వాలిపోతోంది" అన్నాడు. చూస్తే ట్రైపాడ్ మీద కెమెరా మెల్లగా తల వంచుతోంది. కెమెరాని ట్రైపాడ్‌కి పట్టి ఉంచే ప్లేటు కింద స్క్రూ వదులైంది.

నా నడుముకి కేసులో పావుకిలోకి కాస్త తక్కువ బరువున్న మల్టీటూల్ వేలాడుతోంది. అందులో పటకారు, కత్తి, రంపం, కత్తెర, సీసా మూత తీసే కొక్కెం, అన్నీ ఉన్నాయి. ఆ స్క్రూకి కావలసిన 4 మిల్లీమీటర్ల అలెన్ కీ, అంటే ఆరు పలకలుండే వంపు కమ్మీ, అదొక్కటే లేదు. లైటింగ్ అబ్బాయిని అడిగితే, "అదేం కీ అండి? మా దగ్గర టెస్టర్ ఉందండి" అన్నాడు. షామియానా వాళ్ల దగ్గర సుత్తి ఉంది. ఆ వేళప్పుడు ఏ కొట్టు తెరిచి ఉంటుంది? తాళి కట్టే ఘట్టమంతా కెమెరా చేత్తో పట్టుకుని తీశాను. ఆ వీడియోలో ఊగుడు ఇప్పటికీ తెలిసిపోతుంది.

అప్పటి నుంచి ఇప్పటిదాకా మూడు రకాలు మోసి చూశాను. మొదట ఆ మల్టీటూల్. తర్వాత ఆన్‌లైన్‌లో కొన్న ముప్ఫై రెండు బిట్ల (మార్చి మార్చి తగిలించుకునే మొనల) స్క్రూడ్రైవర్ పెట్టె. ఇప్పుడు చిన్న జిప్ పౌచ్‌లో విడివిడి పనిముట్లు. పెళ్లిళ్లకీ ఫంక్షన్లకీ పౌచ్‌దే పైచేయి అంటాను. నల్లమలకో పాపికొండలకో పోతే మాత్రం మల్టీటూల్ కూడా వెంట ఉండాలి. బిట్ల పెట్టె ఇంట్లోనే ఉండనివ్వండి.

మల్టీటూల్‌ని తక్కువ చేయడం లేదు. దాని పుట్టుక చూస్తే అది మన పనికి ఎందుకు సరిపోదో అర్థమవుతుంది. టిమ్ లెదర్‌మన్ అనే అమెరికన్ 1975లో పాత ఫియట్ కారులో యూరప్ తిరిగాడు. దారిలో ఆ కారుతో, హోటల్ గదుల్లోని పైపులతో కుస్తీ పడుతుంటే, జేబులోని కత్తికి ఒక పటకారు కూడా ఉంటే బాగుండు అనిపించింది. ఆ ఆలోచన సరుకుగా మారి 1983లో అమ్మకానికి వచ్చింది. అంటే అది ముందు పటకారు, తర్వాతే మిగతావన్నీ. కారుకీ కుళాయికీ పటకారు కావాలి. కెమెరాకి పటకారుతో పని ఏడాదికి రెండుసార్లు కూడా పడదు.

పైగా దాని స్క్రూడ్రైవర్ లావుపాటి పిడి చివర, ఒక పక్కకి ఉంటుంది. గుంటలోకి దిగిన స్క్రూని అది అందుకోలేదు. అందుకున్నా పిడి అడ్డం వచ్చి స్క్రూ తల కనిపించదు. అలెన్ బిట్లు విడిగా అమ్ముతారు, నిజమే. అవి కొని, వాటికో కేసు కొని మోసే బదులు అలెన్ కీలే మోయొచ్చు కదా.

మన పనిలో నిజంగా వదులయ్యేవి ఏవో లెక్కపెట్టి చూడండి. అన్నిటికన్నా ముందు కెమెరా ప్లేటు. కెమెరా అడుగున ఉండే మర పావు అంగుళానిది, అంగుళానికి 20 చుట్లు. ట్రైపాడ్ కాళ్లకీ, కెమెరాని అటూ ఇటూ తిప్పే హెడ్‌కీ మధ్య ఉండేది ఎక్కువగా 3/8 అంగుళానిది, దానికి అంగుళానికి 16 చుట్లు. ఈ కొలతలు ప్రపంచమంతా ఒకటే. కానీ వాటిని తిప్పే కీ కొలత కంపెనీని బట్టి మారుతుంది. చాలా ప్లేట్లకి 4 మిల్లీమీటర్లది సరిపోతుంది. కొన్నింటికి అంగుళాల్లో 5/32 అని రాసి ఉంటుంది. అదీ 3.97 మిల్లీమీటర్లే కాబట్టి 4 ఎంఎం కీ కాస్త బిగుతుగానైనా పడుతుంది. కొన్ని ట్రైపాడ్ల కాళ్ల కీళ్లకి ఆరు రేకుల నక్షత్రంలా ఉండే టార్క్స్ కీ కావాలి. ఇంట్లో కూర్చుని ఒక్కసారి మీ సామాను తిరగేసి చూస్తే మీకు కావలసినవి రెండు మూడు కీలకు మించవు. వాటి ఖరీదు హార్డ్‌వేర్ షాపులో ఒక టిఫిన్ ఖర్చు.

అసలు కీతో పనే లేని ప్లేట్లూ ఉన్నాయి. స్క్రూ తలకి మడత రింగు ఉంటే వేలితో తిప్పొచ్చు, గాడి ఉంటే రూపాయి బిళ్లతో బిగించొచ్చు. కొత్తగా కొనేవాళ్లు ఇలాంటిదే కొనుక్కోండి. బరువైన లెన్స్ వేసినప్పుడు మాత్రం వేలి బిగువు చాలదు, కీ బిగువే వేరు.

ఇక బిట్ల పెట్టె. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మొబైల్ షాపు పెట్టినంత ధీమా వస్తుంది. నాకు ఎక్కువ నష్టం చేసింది మాత్రం అదే. లెన్స్ తగిలించే రింగు (మౌంట్) స్క్రూ ఒకటి వదులైతే అందులోని స్టార్ బిట్‌తో, అంటే కూడిక గుర్తులా ఉండే మొనతో, బిగించబోయాను. రెండు తిప్పులకే బిట్ పైకి జారి స్క్రూ తల అరిగిపోయింది. తర్వాత తెలిసింది, మనం స్టార్ అని పిలిచేదాంట్లోనే రెండు కులాలున్నాయని. మామూలుగా దొరికేది ఫిలిప్స్. జపాన్ కెమెరాల్లో స్క్రూలు ఆ దేశపు ప్రమాణం జేఐఎస్ ప్రకారం ఉంటాయి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కానీ ఫిలిప్స్ మొన ఆ గాడిలో అడుగుదాకా దిగదు. దిగకుండా తిప్పితే పైకి తన్నుకొచ్చి గాడిని నమిలేస్తుంది. కెనాన్, నికాన్, సోనీ, ఫూజీ ఏది వాడుతున్నా ఈ సంగతి గుర్తుంచుకోండి. ముప్ఫై రెండు బిట్లున్న పెట్టెలో ఆ ఒక్క బిట్ లేకపోవచ్చు. అందుకే జేఐఎస్ అని రాసి ఉన్న చిన్న స్క్రూడ్రైవర్లు రెండు, 0, 00 సైజులవి, విడిగా కొన్నాను.

అవి కూడా పైన కనిపించే స్క్రూలు బిగించడానికే. పెళ్లి మధ్యలో కెమెరా విప్పే మొనగాడు ఎవరూ ఉండరు, ఉండకూడదు. ఫ్లాష్ జోలికైతే అసలు పోవద్దు. సెల్స్ తీసేసినా లోపల కరెంటు దాచుకునే కెపాసిటర్‌లో మూడు వందల వోల్టుల దాకా నిలవుండొచ్చు. తగిలితే ఫోటోల సంగతి తర్వాత, ముందు మనల్ని లేపాలి.

విమానం ఎక్కేవాళ్లకి లెక్క వేరే. కెమెరా, లెన్సులు, స్పేర్ బ్యాటరీలు చేతిబ్యాగులోనే వెళ్లాలి. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు లగేజీలో వేయనివ్వరు. పనిముట్ల సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. కత్తి ఉన్న మల్టీటూల్, స్క్రూడ్రైవర్లు చేతిబ్యాగులో ఉంటే తీసేస్తారు. ఒక ఎయిర్‌పోర్టులో నా స్క్రూడ్రైవర్ అలాగే డబ్బాలో పడింది. తప్పు నాదే, పౌచ్ తీసి లగేజీలో వేయడం మర్చిపోయాను. ఇక్కడే పౌచ్ మేలు తెలుస్తుంది. మొత్తం ఒక్క చేత్తో తీసి పెట్టెలో పడేయొచ్చు. బ్యాగు జేబుల్లో తలో చోట దోపుకున్నవాళ్లకి స్కానర్ దగ్గర టెన్షన్ తప్పదు. లగేజీ లేకుండా చేతిబ్యాగుతోనే వెళ్తుంటే, రూపాయి బిళ్లతో బిగే ప్లేటుని మించింది లేదు. ఆ బిళ్లని ఎవరూ ఆపరు.

టేపు లేని కిట్ కిట్టే కాదు. ఎలక్ట్రికల్ షాపులో దొరికే నల్ల ఇన్సులేషన్ టేపు చవక. కానీ మన మే నెల ఎండకి కారు డిక్కీలో ఒక పూట ఉంటే దాని జిగురు కారి, అంటించినచోటల్లా జిడ్డు మిగులుస్తుంది. గాఫర్ టేపు బట్టతో చేసింది. చేత్తో చింపితే చిరుగుతుంది, తీసేస్తే మరక ఉండదు, లైట్లకి మెరవదు. ధర ఎక్కువే. అందుకే పెద్ద చుట్ట ఇంట్లో ఉంచి, పాత ఏటీఎం కార్డుకి రెండు మీటర్లు చుట్టుకుని అదే తీసుకెళ్తాను. మండపంలో నడిచే దారిలో వైరు అంటించడానికి ఇదే వాడండి, చవక టేపు తివాచీని పట్టుకోదు.

దుమ్ముకి రబ్బరు బ్లోవర్ చాలు. స్ప్రేలా కొట్టే గాలి డబ్బా వద్దు. వంచి కొడితే లోపలి ద్రవం సెన్సర్ మీద చిమ్ముతుంది, విమానంలోకీ రానివ్వరు.

మల్టీటూల్ గెలిచే చోటు ఒకటుంది, అడవి. రంపచోడవరం వైపు నాలుగు రోజులు తిరిగినప్పుడు వెదురు గెడ కోసి మైకు కట్టింది దానితోనే, వంగిన గొడుగు కమ్మీ సరిచేసిందీ దానితోనే. పౌచ్‌లోని చిన్న కత్తెర అలాంటి పనికి రాదు. పెళ్లిలో మాత్రం ఆ కత్తెరే రాజు. పూలదండ దారం తెంపడానికి, కేబుల్ టై కోయడానికి రోజుకి పదిసార్లు బయటికి వస్తుంది. నిజం చెప్పాలంటే నా పౌచ్‌లో అందరికన్నా ఎక్కువ పని చేసేవి పిన్నీసులు. అవి నా కోసం కాదు, పెళ్లికూతురి చీర కుచ్చిళ్ల కోసం. ఒక పిన్నీసు ఇస్తే ఆ ఇంటి ఆడవాళ్లంతా మనం చెప్పినచోట నిలబడతారు.

ఇవన్నీ వేసి వంటింటి కాటా మీద పెడితే పౌచ్ 190 గ్రాములు తూగింది. ఒక్క మల్టీటూల్ కన్నా తక్కువే.

4 ఎంఎం అలెన్ కీలు మాత్రం రెండున్నాయి. ఒకటి పౌచ్‌లో, ఇంకోటి ట్రైపాడ్ కాలికి టేపుతో అంటించి. అంతకుముందున్న కీని డ్రోన్ అబ్బాయి ఒక్క నిమిషం అని తీసుకెళ్లాడు. అది పోయిన మాఘమాసం.