తెల్లమచ్చలు 45 రోజుల్లో మాయం అనే నూనె కొనేముందు ఇది చదవండి

నా కుడిచేతి వెనక, చూపుడువేలి మొదట్లో చిటికెనవేలి గోరంత తెల్లమచ్చ వచ్చింది. నెల తిరిగేసరికి పక్కనే ఇంకోటి. బొల్లి అన్న మాట పైకి అనడానికే భయమేసి, డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా ఫోన్లో వెతుక్కుంటూ కూర్చున్నాను. ఒక్కసారి వెతికితే చాలు కదా, ఆ తర్వాత అన్నీ అవే ప్రకటనలు. ‘శాశ్వత పరిష్కారం, 45 రోజుల్లో గ్యారంటీ’ అన్నదానికి ఫోన్ చేశాను.

అవతలి మనిషి నా మచ్చ చూడలేదు, కనీసం ఫొటో కూడా అడగలేదు. ‘మీ రక్తంలో దోషం ఉంది మేడమ్, లోపల్నుంచి శుభ్రం చేయాలి’ అన్నాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ రోజు అంత నమ్మకంగా మాట్లాడిన మనిషి నాకు ఇంకొకరు దొరకలేదు. డబ్బు ముందే కట్టేశాను.

వచ్చిన కిట్‌లో ఒక నూనె సీసా, ఒక తెల్ల క్రీము, కొన్ని మాత్రలు. లేబుల్ మీద ‘21 మూలికలు’ అని ఉంది, అవేంటో ఒక్క పేరూ లేదు. తయారీ తేదీ, లైసెన్స్ నంబరు కూడా లేవు. నూనె రాసుకుని రోజూ అరగంట ఎండలో కూర్చోమన్నారు.

మొదటిరోజు ఏమీ కాలేదు. మర్నాడు కాస్త ఎర్రబడింది. మూడోరోజుకి చేతి వెనకంతా మంట, ద్రాక్షపండంత నీటిబొబ్బలు రెండు. ఫోన్ చేస్తే ‘మంచిదే మేడమ్, విషం బయటికొస్తోంది, ఆపకండి’ అన్నాడు. నేను ఆపలేదు. ఇంకో రెండు రోజులు రాశాను. ఈ ముక్క రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఆఖరికి చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. సీసా చూసి, నేను చెప్పింది విని, ‘ఇందులో బావంచాల నూనె ఉండి ఉంటుంది’ అన్నారావిడ. బావంచాలు అనే మూలిక గింజల్లో సొరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మం మీదుండగా ఎండ తగిలితే చర్మం కాలుతుంది. ఆ కాలడం కూడా వెంటనే కనిపించదు, రెండు మూడు రోజులకి ముదురుతుంది. అందుకే మొదటిరోజు నాకేమీ తెలియలేదు. సొరాలెన్ పనికిరానిదేం కాదట, 1940లలోనే ఈజిప్టులో వైద్యులు దాన్ని బొల్లికి వాడారు. కాకపోతే మందు మోతాదు, కాంతి మోతాదు రెండూ లెక్కగట్టి, డాక్టర్ పర్యవేక్షణలో వాడాల్సింది. ఎంత గాఢతో తెలియని నూనె రాసుకుని అరగంట ఎండలో కూర్చోవడం ఆ వైద్యం కాదు.

అసలు దెబ్బ బొబ్బలు మానాక తెలిసింది. కాలినచోట కొత్త తెల్లమచ్చ లేచింది. బొల్లి ఉన్నవాళ్లకి గాయమైనచోట, గీసుకున్నచోట, కాలినచోట కొత్త మచ్చలు రావచ్చు. దాన్ని కోబ్నర్ లక్షణం అంటారు. పైగా మచ్చ చుట్టూ చర్మం నల్లబడి, తెలుపు ముందుకంటే కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. తెల్ల క్రీము సంగతి కూడా డాక్టర్ అప్పుడే చెప్పారు. మూలికల పేరుతో అమ్మే క్రీముల్లో చెప్పకుండా బలమైన స్టిరాయిడ్ కలుపుతున్న సందర్భాలు ఉన్నాయట. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, చారలు పడతాయి.

ఇక ఆ ప్రకటనలోని ఫొటోలు. ఇప్పుడు చూస్తే మోసం ఇట్టే తెలుస్తోంది. మచ్చలో రంగు తిరిగొచ్చేటప్పుడు ఎక్కువగా వెంట్రుకల మొదళ్ల నుంచి వస్తుంది, ఆవగింజంత గోధుమరంగు చుక్కలుగా. అవి మెల్లగా పెరిగి ఒకదానితో ఒకటి కలుస్తాయి. అంచుల నుంచి కూడా కొంత వస్తుంది. వాళ్ల ఫొటోలో మాత్రం వేలికొసలతో సహా గోడకి సున్నం కొట్టినంత సమంగా రంగు నిండిపోయింది. వేలికొసల్లో వెంట్రుకలే ఉండవు, అందుకే పెదవులు, వేలికొసలు అన్నిటికంటే మొండివి. మచ్చలో వెంట్రుకలు కూడా తెల్లబడితే అక్కడా కష్టమే.

గ్యారంటీ గురించి అడిగితే ‘పథ్యం సరిగ్గా చేయలేదు’ అన్నారు. ఏ పథ్యం? కిట్‌లో దాని గురించి ఒక్క ముక్క లేదు. రెండోసారి నంబర్ బ్లాక్.

డబ్బుకంటే పోయిన టైమే ఎక్కువ బాధ. బొల్లి రక్తదోషం కాదు, అంటువ్యాధి కాదు, కుష్ఠు కాదు. మన రోగనిరోధక వ్యవస్థే పొరబడి చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్లు అనే కణాల్ని చంపేస్తుంది. పాకుతున్న దశలోనే మందు మొదలుపెడితే ఆపే అవకాశం ఎక్కువ. డాక్టర్ చీకటి గదిలో వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం వేసి చూస్తే, నా కంటికి కనిపించని ఇంకో రెండు మచ్చలు నీలి తెలుపులో మెరిశాయి. బొల్లితో పాటు థైరాయిడ్ సమస్య ఉండే అవకాశం ఎక్కువని రక్తపరీక్ష కూడా రాశారు. ఆ ఫోన్ మనిషికి ఇవేవీ అక్కర్లేకపోయాయి.

ఇప్పుడు టాక్రోలిమస్ పూతమందు, వారానికి రెండుసార్లు నారోబ్యాండ్ యూవీబీ అనే అతినీలలోహిత కాంతి చికిత్స. 311 నానోమీటర్ల కాంతి, మొదట్లో కొన్ని సెకన్లే. పనిచేస్తోందో లేదో తేలడానికే నెలలు పడుతుందని ముందే చెప్పారు. అమెరికాలో 2022 జూలైలో రుక్సోలిటినిబ్ అనే క్రీముకి బొల్లి ఉన్న, 12 ఏళ్లు నిండినవాళ్ల కోసం అనుమతి వచ్చింది, అది కూడా నెలల తరబడి రాయాల్సిందే. ఏడాదిపాటు కదలకుండా ఉన్న మచ్చలకైతే చర్మం అతికించే పద్ధతులున్నాయి. ఎవరూ 45 రోజులనలేదు, గ్యారంటీ అనలేదు. నాలుగో నెలలో మొదటి మచ్చలో చుక్కలు కనిపించాయి. నిన్న లెక్కపెడితే తొమ్మిది.

ఇలాంటి నూనె ఇప్పటికే రాసుకుని ఉంటే సబ్బుతో కడిగేసి, ఆ చోటికి కొన్నాళ్లు ఎండ తగలనివ్వకండి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ కూడా, ఎందుకంటే సొరాలెన్‌ని రెచ్చగొట్టే యూవీఏ కిరణాలు అద్దం దాటి వస్తాయి. బొబ్బలు చిదమకండి. సీసా, అట్టపెట్టె, డబ్బు కట్టిన రసీదు పారేయకుండా డాక్టర్‌కి చూపించండి. నేను కోపంలో అట్టపెట్టె చింపేశాను. ఫిర్యాదు రాద్దామని కూర్చుంటే దానిమీదున్న చిరునామా కూడా నా దగ్గర లేదు.