ఆస్టిన్ సెవెన్‌తో ఏడు సీజన్లు: కొండ పందేలకు పాత బండిని సిద్ధం చేస్తూ నేర్చుకున్నవి

ఈ ఏప్రిల్‌తో మా ఆస్టిన్ సెవెన్ అనే పాత ఇంగ్లీషు చిన్నకారు నా చేతికొచ్చి ఏడేళ్లు నిండుతాయి. కొన్న నెలకే సమీక్ష రాసుంటే ఐదుకి ఐదు నక్షత్రాలు ఇచ్చేసేవాణ్ని. రెండో ఏడాది జూలైలో రాసుంటే ఒక్కటి ఇవ్వడానికి కూడా చేతులు వచ్చేవి కావు. రెండూ తప్పే అయ్యేవి. ఈ బండి సంగతి కనీసం నాలుగు చలికాలాలు విప్పి బిగించాక గాని తెలియదు.

ముందు బండి గురించి. 1929 నాటి చాసిస్, 747 సీసీ ఇంజను, నాలుగు సిలిండర్లు, సైడ్ వాల్వులు, మూడు గేర్లు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఈ ఇంజను శక్తి పది హార్స్‌పవర్‌కి కాస్త ఎక్కువ, అంతే. పైన ఉన్న అల్యూమినియం బాడీ అసలుది కాదు. అప్పట్లో ఆస్టిన్ వాళ్లే అమ్మిన ‘అల్‌స్టర్’ రేసు మోడల్‌ని చూసి 1950లలో ఎవరో కొట్టించినది. తలుపుల్లేవు, పైకప్పు లేదు. వానొస్తే తడవాల్సిందే. ఇంగ్లండులో వాన రానిదెప్పుడు?

నేనుండేది బర్మింగ్‌హామ్‌లో. ఈ కార్లు పుట్టిన లాంగ్‌బ్రిడ్జి మా ఇంటికి పావుగంట దూరం. 1939 దాకా దాదాపు 2.9 లక్షల బళ్లు చేశారట. బీఎండబ్ల్యూ పేరుతో అమ్మిన మొదటి కారు కూడా లైసెన్సు మీద చేసిన ఆస్టిన్ సెవెనే. తర్వాత తన పేరుతోనే రేసు జట్టు పెట్టిన బ్రూస్ మెక్‌లారెన్ కుర్రాడిగా న్యూజిలాండులో పోటీలకు దిగింది అల్‌స్టర్ మోడల్‌తోనే. లోటస్ కార్ల కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్ మొదటి లోటస్‌ని దీని మీదే కట్టాడు. కొనేముందు మా ఆవిడకి ఈ కథలన్నీ చెప్పాను. "వాళ్లంతా తర్వాత వేరే కార్లు చేసుకున్నారుగా" అంది.

హిల్‌క్లైంబ్ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఒక్కో కారూ ఒంటరిగా కొండెక్కుతుంది, పోటీ గడియారంతోనే. షెల్స్‌లీ వాల్ష్ అనే కొండ మీద 1905 నుంచి ఇదే ఆట నడుస్తోంది. అక్కడ దూరం 1000 గజాలు, మహా అయితే అర మైలుకి కాస్త ఎక్కువ. బాగా నిటారుగా ఉన్న చోట ఆరడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకెక్కాలి. ఈ కాలపు ప్రత్యేక రేసు కార్లు దాన్ని 23 సెకన్లలోపే ఎక్కేస్తాయి. మా బండికి అందులో సగం తోవకే అంత పడుతుంది. బుగాటీ ఓనర్స్ క్లబ్ వాళ్ల ప్రెస్కాట్ కొండ 1127 గజాలు. అక్కడ నా మొదటి ఏడాది సమయం 63.9 సెకన్లు, పోయిన ఏడాది 57.4. రోజుకి నాలుగు పరుగులు, ఏడాదికి అయిదారు మీట్లు అనుకున్నా, ఈ బండి పోటీలో నిజంగా పరుగెత్తేది పాతిక నిమిషాలు దాటదు. దానికోసం నవంబరు నుంచి మార్చి దాకా శనాదివారాలన్నీ గ్యారేజీలోనే.

ఇప్పుడు అసలు విషయం, నూనె.

ఆస్టిన్ సెవెన్ ఇంజనుకి నూనె అందే పద్ధతి ఇప్పటి కార్లలా ఉండదు. పంపు నూనెని రెండు సన్నటి జెట్లలోకి, అంటే చిమ్మే బెజ్జాల్లోకి తోస్తుంది. ఆ జెట్లు తిరుగుతున్న క్రాంకు (పిస్టన్ల కదలికని చక్రాల తిప్పుడుగా మార్చే ఇరుసు) మీదికి నూనె చిమ్ముతాయి. క్రాంకు పక్కనున్న గాడిలో పడ్డ నూనె, తిరిగే వేగానికే బిగ్ ఎండ్ బేరింగుల్లోకి, అంటే పిస్టన్ల రాడ్లు క్రాంకుని పట్టుకునే చోటికి వెళ్లాలి. అంటే నాలుగు కనెక్టింగ్ రాడ్ల ప్రాణం రెండు బెజ్జాల మీద ఆధారపడి ఉంది. మీటరులో ప్రెజర్ కూడా ఇప్పటి బళ్లతో పోలిస్తే ఏమీ ఉండదు. చదరపు అంగుళానికి రెండు మూడు పౌండ్లు చూపిస్తే చాలు, బండి ఆరోగ్యంగా ఉన్నట్టే.

రెండో సీజన్ మొదట్లో మా బండి ప్రెజర్ మెల్లగా పెరిగింది. మూడు నాలుగయింది, నాలుగు ఆరయింది. నేను మురిసిపోయాను. చలికాలమంతా పడ్డ కష్టం ఫలించిందనుకుని, విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లేత్ షాపు నడిపిన మా బాబాయికి వీడియో కాల్ చేసి మీటరు చూపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏరా, కొళాయి మూతికి వేలు అడ్డం పెడితే లోపల ప్రెజర్ పెరగదూ?" అన్నాడు. నేను నవ్వి ఫోను పెట్టేశాను. జూలైలో షెల్స్‌లీలో క్రాసింగ్ దాటి కింది ఎస్ మలుపుకి వస్తుండగా ఇంజనులోంచి టకటకమని చప్పుడు మొదలైంది. మూడో బిగ్ ఎండ్ పోయింది.

విప్పి చూస్తే ఒక జెట్టు దాదాపు మూసుకుపోయి ఉంది. సంప్ (ఇంజను అడుగున నూనె ఉండే తొట్టి) జాలీ మీద గోధుమరంగు జిగురు పేరుకుంది. పాత యజమాని ఆముదం నూనె వాడాడన్నమాట. రేసు కార్ల దగ్గర ఒకరకం తియ్యటి వాసన వస్తుందని అందరూ పరవశించిపోతారు చూడండి, అది ఆముదమే. బేరింగులకి అది మంచిదే, కాదనను. కానీ లోపల గట్టిపడి జిగురవుతుంది. మామూలు మినరల్ నూనెతో కలవదు. నేనేమో లోపల కడగకుండానే మినరల్ నూనె పోశాను. పాత జిగురు పెచ్చులుగా ఊడి జెట్టుకి అడ్డం పడింది. తప్పు నాదే.

అప్పట్నుంచి ప్రతి నవంబరులో మొదటి పని ఇదే. క్రాంక్‌కేస్ పక్కనున్న రెండు ప్లగ్గులు విప్పి, సన్నటి గిటారు తీగ జెట్టులో దూర్చి శుభ్రం చేయడం. సంప్ దింపి జాలీ కిరోసిన్‌లో కడగడం. ఖర్చు ఒక తీగ, కొత్త గ్యాస్కెట్టు. సీజను మధ్యలో ప్రెజర్ పెరిగితే ఇప్పుడు నాకు టెన్షన్. తగ్గితే అంత కంగారు పడను.

ఆ దెబ్బకి క్రాంకు కూడా మార్చాను. 1929 నాటి ఈ ఇంజన్లలో దానికి ఆధారంగా రెండే మెయిన్ బేరింగులు, ముందొకటి, వెనకొకటి. మధ్యలో ఆధారం లేక వేగం పెరిగితే ఊగుతుంది. పాత క్రాంకులు విరగడం ఈ బళ్ల వాళ్లకి వింత కాదు. కొత్త ఉక్కుతో చేసిన క్రాంకు, దానికి తగ్గ రాడ్లు వేయించాను. ఏడేళ్లలో పెట్టిన అతి పెద్ద ఖర్చు అది. దాంతో కారు ఒక్క పదో వంతు సెకను కూడా వేగం కాలేదు. అయినా మళ్లీ పెట్టమంటే పెడతాను. గేరు మార్చేటప్పుడు భయం పోయింది. దాని విలువ నాకు రెండు సెకన్ల పైనే.

మూడో చలికాలంలో కొన్న జంట కార్బురేటర్ల గురించి మాత్రం అలా చెప్పలేను. ఎస్‌యూ కంపెనీవి రెండు, వాటిని ఇంజనుకి కలిపే మెరిసే మానిఫోల్డ్ గొట్టం. బానెట్ ఎత్తితే జనం ఫొటోలు తీసుకుంటారు. రెండింటినీ ఒక తాళానికి తేవడానికి ఆ ఏడాది సగం గడిచింది. చివరికి ప్రెస్కాట్‌లో మిగిలింది అర సెకను. అదే చలికాలంలో వెనక ఇరుసులో 4.9 నిష్పత్తి తీసేసి, పాతదే ఒక 5.25 సెట్టు దొరికితే వేశాను (అంకె పెరిగితే లాగే బలం పెరుగుతుంది). ప్రెస్కాట్‌లోని పార్డన్ అనే బాగా ఒంకర మలుపు నుంచి బయటపడేటప్పుడు ఇంజను మూలగడం మానేసింది. ఒకటిన్నర సెకన్లు అక్కడ తగ్గాయి. మూడు గేర్ల డబ్బాలో రెండోదానికీ మూడోదానికీ మధ్య పెద్ద అగాధం. లారీ డ్రైవర్లలా డబల్ క్లచ్ (గేరు మార్చేటప్పుడు క్లచ్ రెండుసార్లు తొక్కడం) వేయడం రాకపోతే ఆ గేర్లు పళ్లు కొరుకుతాయి. క్లచ్ పెడల్ సంగతి ఇంకా ఘోరం, అది పనిచేసేదంతా అంగుళం లోపే. స్టార్టు గీత దగ్గర చక్రం వెనక చెక్క అడ్డు పెడతారు కాబట్టి సరిపోయింది. లేకపోతే నేను వెనక్కి జారి నా వెనక వరసలో ఉన్న బుగాటీ మీద పడేవాణ్నే.

మాగ్నెటో, అంటే బ్యాటరీ లేకుండానే ఇంజనుకి నిప్పురవ్వ ఇచ్చే యంత్రం. దీని మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. నాలుగో చలికాలంలో దాన్ని ఒకచోట రివైండింగ్‌కి ఇచ్చాను. పేరు చెప్పను. బాగానే డబ్బు తీసుకున్నారు, గ్యారంటీ కాగితం కూడా ఇచ్చారు. చల్లగా ఉన్నప్పుడు నిప్పురవ్వ నీలంగా, లావుగా వచ్చేది. మధ్యాహ్నం ఎండలో వరసలో ఇరవై నిమిషాలు నిలబడ్డాక ఇంజను స్టార్టయ్యేది కాదు. అడిగితే "మా బెంచి మీద బాగానే పనిచేస్తోంది" అన్నారు. బెంచి మీద ఎందుకు పనిచేయదు, అక్కడ అది వేడెక్కదుగా! లోపల కండెన్సర్ పాతదే వదిలేశారని వేరొకాయన విప్పి చూపించాడు. దాని చోట కొత్త రకం కెపాసిటర్ వేశాక మూడేళ్లుగా పేచీ లేదు. మాగ్నెటో బాగు చేయించేవాళ్లకి నా సలహా ఒక్కటే. ఒప్పుకునేముందు కండెన్సర్ మారుస్తారా అని అడగండి. తిరిగొచ్చాక వంటింటి ఓవెన్‌లో 70 డిగ్రీల్లో కాసేపు ఉంచి, వేడిమీదే రవ్వ చూడండి. ఇంట్లోవాళ్లు లేనప్పుడు చేయడం మంచిది.

బ్రేకుల గురించి ఎక్కువ చెప్పను, ఎక్కువ లేవు కాబట్టి. మొదట్లో ఈ కార్లకి పెడల్ వెనక చక్రాలకి, చేతి లివరు ముందు చక్రాలకి ఉండేది. మా బండికి ఎవరో ఎప్పుడో రెండూ కలిపారు. అన్నీ కేబుళ్లే. డ్రమ్ములు గుండ్రంగా ఉన్నాయో లేదో చూసి లేత్ మీద చెక్కించి, కేబుళ్లకి గ్రీజు పెట్టి, నాలుగు చక్రాలూ ఒకేలా పట్టేలా సర్దుకుంటే కొండెక్కడానికి సరిపోతాయి. దిగడానికి దేవుడున్నాడు. ఒకాయన హైడ్రాలిక్ వేసుకోమన్నాడు. నాకు మనసొప్పలేదు. అప్పుడిక ఈ కారు ఎందుకు?

వెనక హబ్బుల్ని మాత్రం వదిలేయొద్దు. హబ్బు ఇరుసు చివర కోసుగా ఉన్న భాగం మీద కూర్చుంటుంది, ఒక చిన్న ఇనప కీ అడ్డం ఉంటుంది. ఆ కీ బండిని లాగుతుందని నేను మొదట అనుకున్నాను. కాదు. కోసు మీద హబ్బు అతుక్కుని కూర్చుంటేనే లాగుతుంది. నట్టు వదులైతే ముందు కీ తెగుతుంది, ఆ తర్వాత హాఫ్ షాఫ్ట్, అంటే చక్రాన్ని తిప్పే ఇరుసు ముక్క. అయిదో సీజన్లో ప్రెస్కాట్‌లో పార్డన్ దగ్గర ఎడమవైపు కీ తెగింది. ఇంజను అరుస్తోంది, బండి కదలదు. పక్కనున్న మార్షల్ (దారి చూసుకునే నిర్వాహకుడు) పెద్దాయన తాపీగా వచ్చి, "ఎడమదేనా? ఎప్పుడూ ఎడమదే" అని తాడు కట్టాడు. ఇప్పుడు గ్రైండింగ్ పేస్టు రాసి హబ్బునీ ఇరుసునీ ఒకదానికొకటి అరగదీస్తాను. బూడిదరంగు మచ్చ చుట్టూ ఒకేలా వచ్చేదాకా. ఫ్లైవీలుకీ (క్రాంకు చివర ఉండే బరువైన చక్రం) ఇదే వైద్యం. నట్టు బిగించడానికి పానాకి నా ఎత్తు పైపు తగిలిస్తాను. మొదటి మీట్ అయ్యాక మళ్లీ ఒకసారి బిగిస్తాను.

ఉచితంగా దొరికే ఆనందం స్టీరింగ్‌లో ఉంది. స్టీరింగ్ బాక్సులో గేరు చక్రం పూర్తి గుండ్రం. కానీ నేరుగా నడిపేటప్పుడు వాడేది అందులో చిన్న ముక్కే, అరిగేదీ అదే. విప్పి పావు చుట్టు తిప్పి బిగిస్తే అరగని పళ్లు మధ్యకొస్తాయి. రెండంగుళాల ఆట ఒక్క మధ్యాహ్నంలో పోయింది. 1920లలో దీన్ని గీసిన మనిషి ఎవరో గాని, చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

మిగతావి గబగబా. కమాను పట్టీల మధ్య తుప్పు గీకి గ్రాఫైటు గ్రీజు పెట్టండి. వెనక కమానులు సగం ముక్కలే కావడంతో మలుపులో ఒరిగితే ఇరుసు తనంతట తనే కాస్త తిరుగుతుంది. కొత్తలో జారుతోందనిపిస్తుంది, జారడం కాదది. చక్రాల చువ్వల మీద పానాతో మెల్లగా తట్టండి. మోగకపోతే వదులైనట్టే. పెట్రోలు, ఇక్కడ 2021 సెప్టెంబరు నుంచి మామూలు బంకు పెట్రోల్లో ఇథనాల్ పది శాతం దాకా కలుపుతున్నారు. పాత రబ్బరు పైపులు దానికి మెత్తబడిపోతాయి. నేను పైపులన్నీ మార్చి, అయిదు శాతం ఉండే సూపర్ పోయిస్తున్నాను. సీజను అయ్యాక ట్యాంకు ఖాళీ చేస్తాను.

ఇక పోటీకి ముందు తనిఖీ. వాళ్లు చూసేవి ఇంజను గొప్పతనాలు కావు. థ్రాటిల్‌కి రెండో స్ప్రింగు ఉందా, ఇగ్నిషన్ స్విచ్చి ఎటు తిప్పితే ఆగుతుందో గుర్తు ఉందా, ఇంజను లోపలి గాలి బయటికొచ్చే బ్రీదరు గొట్టం నుంచి నూనె రోడ్డు మీద కారకుండా డబ్బా కట్టారా, ముందు టైమింగ్ లైటుని కోసే నల్లరేకు ఉందా. మూడో ఏడాది నన్ను ఆపింది బ్యాటరీ ఎర్త్ వైరుకి పసుపు టేపు లేదని. అయిదు నెలల పని, అర పౌండు టేపు.

కొనాలా అని అడిగితే, మీకు పానా పట్టడం ఇష్టమైతే కొనండి, నడపడం మాత్రమే ఇష్టమైతే వద్దు. వేగం కావాలంటే ఇదే డబ్బుకి వాడిన చిన్న హ్యాచ్‌బ్యాక్ కొనుక్కోండి, కొండ మీద నన్ను సునాయాసంగా ఓడిస్తారు. విడిభాగాలు మాత్రం తొంభై ఏళ్లు దాటిన కారుకి దొరికినంత సులువుగా, నా పదేళ్ల కారుకి కూడా దొరకట్లేదు. నక్షత్రాలు అడిగితే నాలుగు. ఆ ఒక్కటీ మాగ్నెటోకి కాదు, వెనక హబ్బులకి తీసేశాను.

ఈ సీజనుకి బండి సిద్ధమైనట్టే. జెట్లు శుభ్రం, ప్రెజర్ రెండున్నర. నిన్న బాబాయికి మీటరు చూపించాను. "అలా ఉండాలి" అన్నాడు. మొదటి మీట్ కర్బరోలో, కొండ కాదు, చదును నేల మీదే. గేరు డబ్బా కింద రోజుకి నాలుగు చుక్కల నూనె ఇంకా కారుతూనే ఉంది. కింద పళ్లెం పెట్టాను.