పగలగొట్టలేదు, పగిలిపోయింది: స్పానిష్ వాళ్లింట్లో ఐదు నెలలు

తిరుపతిలో పుట్టినవాళ్లకి హోస్ట్ ఫ్యామిలీ అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ కొర్లగుంటలో మా ఇల్లు అదే. కొండకొచ్చే చుట్టాలు, చుట్టాల చుట్టాలు, "ఒక్క రాత్రేనమ్మా, తెల్లారి దర్శనం" అంటూ వచ్చి మూడు రోజులుండేవాళ్లు. అందుకే స్పెయిన్‌లో ఒక కుటుంబంతో ఉండి భాష నేర్చుకోవడానికి బయల్దేరినప్పుడు, ఇందులో నాకు తెలియనిది ఏముందిలే అనుకున్నాను. చుట్టంగా ఉండడం ఒక్కటే తెలియదని అక్కడికి వెళ్లాక అర్థమైంది.

ఊరు సలమాంకా. యూనివర్సిటీ 1218 నాటిది, పాత ఊరంతా బంగారు రంగు రాయి. ఆ ఫొటోలు ఎక్కడైనా దొరుకుతాయి. నేను చెప్పాల్సింది ఒక వంటింటి గురించి.

తిరిగొచ్చిన కొత్తలో అడిగిన ప్రతివాళ్లకీ "వాళ్లింట్లో ఉంటే చాలు, భాష దానంతటదే వచ్చేస్తుంది" అని చెప్పాను. రెండేళ్లయింది, ఆ మాట కొంచెం సవరించుకోవాలి. మొదటి రెండు నెలలు ఏమీ రాలేదు. మధ్యాహ్నం రెండున్నరకి భోజనం. టీవీ మోగుతూనే ఉంటుంది, ఇంటావిడా కొడుకూ ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడుకుంటుంటారు. చలికాలంలో అక్కడికీ మనకీ నాలుగున్నర గంటల తేడా, అంటే సరిగ్గా అప్పుడే ఇక్కడ రాత్రి ఏడు, అమ్మ ఫోను. గబగబా తినేసి గదిలోకి పోయేవాణ్ణి. కొడుక్కేమో నాతో ఇంగ్లీషు ప్రాక్టీసు చేసుకోవాలని. ఇక వంటిల్లంటారా, మా ఇంటికొచ్చే చుట్టాల్లాగే నేనూ ఆ గడప దాటలేదు. దాటితే బాగుండదనుకున్నాను. భాషంతా అక్కడే ఉందని నాకేం తెలుసు!

ఒక రాత్రి నీళ్లు తాగి గ్లాసు కడుగుతుంటే, సబ్బు అంటిన చేతిలోంచి అది జారి సింకులో రెండు ముక్కలైంది. నీలం గ్లాసు, ఆరింటి సెట్టులోది. చప్పుడుకి ఇంటావిడ చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చింది. బయల్దేరే ముందు ఎనిమిది నెలలు ఒక యాప్‌లో ఇంగ్లీషు మీదుగా నేర్చుకున్నదంతా కూడగట్టుకుని "ఎ రోతో ఎల్ బాసో" అన్నాను, గ్లాసు పగలగొట్టాను అని. రోతో అంటే పగిలింది అనే, మన రోతతో సంబంధం లేదు. ఆవిడ ముక్కలు ఏరుతూ, తలెత్తకుండా "అద్రేదే?" అంది. కావాలనా? కాదు కాదని చేతులూపాను. "అయితే సె తె ఆ రోతో" అంది. నా చేత మళ్లీ అనిపించింది: "సె మె ఆ రోతో."

గదికొచ్చి ఒక్కో మాటా విడదీసి చూసుకున్నాను. సె, దానంతటది. మె, నాకు. గ్లాసు దానంతటదే పగిలిపోయింది, నష్టం నాకు. ఇంగ్లీషులో ఎంత తిప్పినా సూటిగా కుదర్లేదు. తెలుగులో అయితే కుదరడమేంటి, మా అమ్మ రోజూ అనేదే. పాలు ఒలికిపోయినాయి, తాళాలు యాడో పోయినాయి, చెంబు చెయ్యి జారింది. మా ఇంట్లో ఏదీ ఎవరూ చేయరు, అన్నీ అవుతాయి.

ఆ రాత్రే నోట్సులో ఇంగ్లీషు వరస మొత్తం కొట్టేసి తెలుగులో రాయడం మొదలుపెట్టాను. మె గుస్తా ఎల్ కఫే: నాకు కాఫీ ఇష్టం. మె దువేలే లా కబేథా: నాకు తలనొప్పిగా ఉంది. మె దా మియేదో: నాకు భయమేస్తోంది. క్లాసులో ఇంగ్లీషు పిల్లలు ఆ 'నాకు' దగ్గర రోజుల తరబడి కుస్తీ పట్టారు. ఆబ్లో, ఆబ్లాస్: మాట్లాడతాను, మాట్లాడతావు. మనిషి క్రియ చివరే ఉన్నాడు. పెరో అంటే కానీ, పెర్రో అంటే కుక్క, తేడా పలకడం చాలామందికి కష్టమట. కర్ర, బర్రె, గుర్రం అంటూ పెరిగిన నోటికి అదొక లెక్కా?

మర్నాటి నుంచి రాత్రి గిన్నెలు నావి. ఆవిడ పప్పు కలిపి, చెంచాతో రుచి చూసి, "లె ఫాల్తా సాల్" అనేది. దీనికి ఉప్పు తక్కువైంది. నేను మాంసం తిననంటే ఆ పప్పులోంచే చోరీథో, అంటే పంది మాంసం సాసేజ్, ముక్కలు ఏరేసి పెట్టిన రోజులూ ఉన్నాయి. ఏరేశాను కదా అంటుంది. పోనీ అని తిన్నవాణ్ణి, మా అమ్మకు చెప్పలేదు.

తెలుగు అన్నిచోట్లా ఆదుకోదు. వాళ్ల వ్యాకరణంలో బల్ల కూడా ఆడదే, చెయ్యీ ఆడదే. 'ఉండడం'కి రెండు క్రియలు. బోరు కొడుతోందని చెప్పబోయి వారాల తరబడి "సోయ్ అబుర్రీదో" అన్నాను. దానికర్థం నేనే బోరు మనిషినని. ఎవరూ సరిదిద్దలేదు, నిజమేననుకున్నారేమో.

మా వీధిలో డిగ్రీ చదివే అమ్మాయి వెళ్లమంటారా అన్నా అని అడుగుతోంది. ఏం చెప్పను? నాకప్పుడు ఇరవయ్యారు, పెళ్లి కాలేదు, ఉద్యోగం మానేసి దాచుకున్న డబ్బుతో వెళ్లాను. తొంభై రోజులు దాటితే స్టూడెంట్ వీసా కావాలి, ఆ కాగితాల టెన్షన్ వేరు. గుడ్డు కూడా ముట్టనివాళ్లయితే వాళ్లింటి భోజనం కష్టం. సర్టిఫికెట్ కోసమే అయితే ఢిల్లీలో స్పెయిన్ ప్రభుత్వం నడిపే భాషా సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్ ఉంది, అంత దూరం అక్కర్లేదు. వంటిల్లు దొరక్కపోతే మాత్రం హోస్ట్ ఫ్యామిలీకి కట్టేది లాడ్జికి కట్టినట్టే. ఆవిడ డబ్బు తీసుకునే నన్ను ఉంచుకుంది, అదీ మర్చిపోకూడదు.

ఇప్పటికీ ఆదివారాలు ఆవిడకి వాయిస్ మెసేజ్ పెడతాను. పోయిన వారం గరిటెకి మాట గుర్తు రాక "పెద్ద చెంచా" అని నెట్టుకొచ్చాను. జవాబులో నవ్వు, తర్వాత "సె తె ఎస్తా ఓల్బిదాందో" అంది. స్పీకర్లో విని అమ్మ వంటింట్లోంచే అడిగింది.

"ఏమంటాందిరా ఆయమ్మ?"

"నాకు మరుపొస్తాందంటమ్మా."